కండువా కప్పుకున్నాడు సరే, ఉద్దెర పుడుతుందా?

ఫుట్‌బాల్ క్లబ్ తన కొత్త మేనేజర్‌ను, అంటే జట్టును నడిపించే పెద్ద కోచ్‌ను, పరిచయం చేసే రోజు ఫొటో ఇంగ్లండ్‌లోనైనా ఇటలీలోనైనా ఒక్క తీరుగానే ఉంటుంది. పక్కన నవ్వుతూ క్లబ్ పెద్దమనిషి, వెనక స్పాన్సర్ల బోర్డు, రెండు చేతులతో ఎత్తిపట్టిన క్లబ్ కండువా. నల్లగొండలోనో పాలమూరులోనో పెరిగినవాళ్లకు ఈ ఫొటో కొత్తదేం కాదు. నిన్నటిదాకా ఎవరికి వ్యతిరేకంగా గల్లీ గల్లీ తిరిగామో ఆయనకే వేదిక మీద మన కండువా కప్పుతుంటే, కింద నిలబడ్డ కార్యకర్త మొహం ఎట్లుంటుందో 2022 మునుగోడు ఉప ఎన్నికను దగ్గరి నుంచి చూసినవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. చప్పట్లు కొడతాడు గానీ చప్పుడు రాదు.

తేడా ఒక్కటే. కార్యకర్తకు మరీ మనసు విరిగితే ఇంకో పార్టీ ఉంటుంది. ఫుట్‌బాల్ అభిమానికి ఇంకో క్లబ్ ఉండదు. అందుకే ఇష్టం లేని మేనేజర్‌ను తెచ్చారన్న వాళ్ల కోపం బయటికి పోయే దారి లేక స్టేడియంలోనే తిరుగుతుంటుంది.

క్లబ్ యజమానులు ఈ కోపాన్ని ఎప్పుడూ ఒకే లెక్కతో చూస్తారు: నాలుగు మ్యాచులు గెలిస్తే అన్నీ సర్దుకుంటాయి. ఈ లెక్క సగమే నిజం. గెలుపు ఒక రకం కోపాన్నే చల్లారుస్తుంది. మిగతా రకాల జోలికి కూడా పోదు. ఏ కోపం ఏ రకమో మొదటి రోజే తెలిసిపోతుంది, కష్టపడి వినాల్సిన పని కూడా లేదు. అభిమానులే గోడల మీద రాసి, బ్యానర్లు కట్టి చెబుతారు.

లండన్ క్లబ్ చెల్సీ దగ్గర ఏం జరిగిందో చూడండి. 2012 మేలో ఆ క్లబ్‌కు మొట్టమొదటి చాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల్లో అన్నిటికంటే పెద్ద కప్పు) తెచ్చిపెట్టిన మేనేజర్ డి మత్తెయోను అదే ఏడాది నవంబరు 21న తీసేశారు. ముందు రోజు ఇటలీ క్లబ్ యువెంతస్ చేతిలో 0-3తో ఓడటం సాకు. ఆయన కుర్చీలో రఫా బెనితెజ్‌ను కూర్చోబెట్టారు. లివర్‌పూల్ మేనేజర్‌గా 2005లో, 2007లో రెండుసార్లు చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో చెల్సీని ఇంటికి పంపింది ఈ మనిషే. చెల్సీ యాజమాన్యం స్టాండ్లలో జెండాలు పంచిపెడుతుంటే, మా అభిమానులకు ఇట్లాంటివి పంచాల్సిన అవసరం లేదని ఎద్దేవా చేసిందీ ఈయనే. సెమీఫైనల్లో ఓడటం మరిచిపోవచ్చు. జెండా మాట మరిచిపోరు.

వచ్చిన నాలుగో రోజు, నవంబరు 25న, మాంచెస్టర్ సిటీతో సొంత మైదానంలో మొదటి మ్యాచ్. బెనితెజ్ బయటికి రాగానే స్టేడియమంతా ‘బూ’. సరిగ్గా 16వ నిమిషంలో చప్పట్లు మొదలయ్యాయి. మైదానంలో ఏ విశేషమూ జరగలేదు. 16 డి మత్తెయో ఆడే రోజుల్లో వేసుకున్న జెర్సీ నంబరు. పోయినాయన్ని మెచ్చుకుంటున్నట్టే ఉంటుంది, దెబ్బ మాత్రం కూర్చున్నాయనకు తగులుతుంది. సంతకాలు సేకరించడం, హ్యాష్‌ట్యాగులు పెట్టడం దీని ముందు పిల్లలాటే. ఆ మ్యాచ్ 0-0.

సీజన్ ముగిసేసరికి లీగ్‌లో మూడో స్థానం. 2013 మే 15న ఆమ్‌స్టర్‌డామ్‌లో పోర్చుగల్ క్లబ్ బెన్ఫికాపై 2-1తో యూరోపా లీగ్ కప్పు, అంటే చాంపియన్స్ లీగ్ తర్వాతి స్థాయిది. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? అయినా ఆయన వెళ్లిపోతుంటే ఆగమన్నవాళ్లు పెద్దగా లేరు.

మన కిరాణా కొట్టు భాషలో చెబితే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. అభిమానులు కోరుకున్న మేనేజర్‌కు మొదటి రోజే ఉద్దెర ఖాతా తెరుస్తారు. మూడు మ్యాచులు ఓడినా ‘ఇంకా సర్దుకోలేదు పాపం’ అని రాసుకుంటారు. ఇష్టం లేకుండా వచ్చినాయనకు ఖాతా ఉండదు. ప్రతి శనివారం నగదు కట్టాలి. నిన్నటి గెలుపు నిన్నటితో చెల్లు. బెనితెజ్ చివరిదాకా నగదే కట్టాడు, అప్పు మాత్రం పుట్టలేదు.

నగదు కట్టీ కట్టీ ఖాతా తెరిపించుకున్నవాళ్లూ ఉన్నారు. 2014 జులై 15న మేనేజర్ ఆంతోనియో కోంతే యువెంతస్‌ను వదిలేశాడు, అదీ కొత్త సీజన్ సాధన మొదలయ్యాక. మర్నాడే మాస్సిమిలియానో అల్లెగ్రిని తెచ్చారు. అదే ఏడాది జనవరిలో ఏసీ మిలాన్ గెంటేసిన మనిషి. యువెంతస్ అభిమానులు అల్లెగ్రి కారును తన్నారు, కోడిగుడ్లు విసిరారు. తర్వాత వరుసగా ఐదు లీగ్ టైటిళ్లు, 2015లో, 2017లో చాంపియన్స్ లీగ్ ఫైనళ్లు. కోడిగుడ్ల సంగతి ఇప్పుడు నవ్వుకోవడానికి చెప్పుకుంటారు. ఎందుకు సాధ్యమైంది? అక్కడ అసలు ప్రశ్న ‘వీడికి పని వచ్చా?’ అనేది. ఆ ప్రశ్నకు పాయింట్ల పట్టిక జవాబు చెప్పగలదు. ‘వీడు మనల్ని వెక్కిరించాడు కదా?’ అన్నదానికి పట్టికలో గడి లేదు.

జార్జ్ గ్రాహం ఉదంతం ఇంకా విచిత్రం. ఆర్సెనల్‌కు 1989లో, 1991లో లీగ్ టైటిల్ తెచ్చిన మేనేజర్ 1998 అక్టోబరులో పొరుగు శత్రువు టోటెన్‌హామ్‌కు వచ్చాడు. ఆరు నెలలు తిరక్కుండానే లీగ్ కప్ గెలిపించాడు. పాటలో మేనేజర్ పేరు పెట్టి పాడటం అక్కడి ఆనవాయితీ. టోటెన్‌హామ్ జనం ఆయన పేరు నోటితో అనడం ఇష్టం లేక, ఆ చోట ‘రెయిన్‌కోటు వేసుకున్నాయన’ అని పాడారు. మన ఇళ్లలో మాటల్లేని పాలివాళ్లను ‘ఆ పక్కింటాయన’ అనడం లేదూ, అట్లాగే. కప్పు తీసుకున్నారు, పేరు మాత్రం పలకలేదు.

శత్రువు ఇంటి నుంచి వచ్చినాయన్ని దగ్గరికి తీయరన్న ఈ సూత్రానికి ఎదురు నిలిచేది మళ్లీ కోంతేనే. యువెంతస్‌లో పదమూడేళ్లు ఆడి, కోచ్‌గా మూడు టైటిళ్లు గెలిచిన మనిషి 2019లో దాని శత్రు క్లబ్ ఇంటర్ మిలాన్‌కు వచ్చాడు. 2010 తర్వాత లీగ్ ముఖం చూడని క్లబ్ అది. 2021లో గెలిపించాడు. ఆకలి మీద ఉన్న ఇల్లు వడ్డించే చెయ్యి ఎవరిదని మరీ గుచ్చి అడగదు. చెల్సీ అప్పుడే కడుపు నిండి కూర్చున్న క్లబ్. అక్కడా ఇక్కడా తేడా అదే.

మూడో రకం కోపం ఆటకు బయటిది. 2013 మార్చి 31న ఇంగ్లండ్ క్లబ్ సండర్లాండ్ పావొలో డి కానియోను మేనేజర్‌గా నియమించింది. ఫాసిజం గురించి ఆయన గతంలో అన్న మాటలకు నిరసనగా క్లబ్ వైస్ చైర్మన్, రాజకీయ నాయకుడు డేవిడ్ మిలిబాండ్ ఆ రోజే రాజీనామా చేశాడు. స్టేడియంలో పెట్టుకున్న తమ బ్యానర్‌ను తిరిగి ఇచ్చేయమని డర్హమ్ గని కార్మిక సంఘం అడిగింది. ఆ స్టేడియం కట్టింది మూతపడ్డ వేర్‌మత్ బొగ్గుగని ఉన్న చోటే. సింగరేణి సంగతి తెలిసినవాళ్లకు ఆ బ్యానర్ బరువెంతో తెలుస్తుంది. రెండు వారాలకే, ఏప్రిల్ 14న, పొరుగు శత్రువు న్యూకాజిల్‌ను వాళ్ల గడ్డ మీదే 3-0తో కొట్టారు. గొడవ ఒక్కసారిగా సద్దుమణిగింది. ఆరిందనుకున్నారు. కొత్త సీజన్‌లో ఓటములు మొదలై, ఆటగాళ్లు కూడా ఎదురుతిరిగాక సెప్టెంబరులో పంపేశారు. గెలుపు ఇట్లాంటి కోపాన్ని కప్పెడుతుంది, అంతే. నిప్పు బూడిద కిందే ఉంటుంది.

ఇదంతా చూస్తున్న మన దగ్గరి కుర్రవాళ్ల సంగతేమిటి? ఇంగ్లండ్‌లో రాత్రి ఎనిమిదికి మొదలయ్యే మ్యాచ్ మనకు వేసవిలో పన్నెండున్నరకు, అక్టోబరు చివర వాళ్ల గడియారాలు మారాక ఒంటిగంటన్నరకు. హాస్టల్ గదిలో ఒక్క ఫోన్ చుట్టూ నలుగురు. వాళ్లు టికెట్ కొనరు, ‘బూ’ అనలేరు, స్టేడియంలో సీటు ఖాళీగా వదిలి నిరసన చెప్పలేరు. అందుకే వాళ్ల కోపం దాదాపు అంతా ఆటతీరు మీదే ఉంటుంది: డిఫెన్స్ ఎందుకు అంత వెనక్కి కూర్చుంది, 70వ నిమిషం దాకా మార్పులెందుకు చేయలేదు. పక్క క్లబ్ నుంచి వచ్చాడన్న మంట వాళ్లకు అరువు మంట. అది తప్పని కాదు. కానీ బర్మింగ్‌హామ్‌లో ఒకే ఆఫీసులో పక్క బల్ల మీద కూర్చున్నవాడి వెక్కిరింపు సోమవారం పొద్దున వినాల్సినవాడి కోపానికీ, మిర్యాలగూడలో హైలైట్స్ చూసేవాడి కోపానికీ కొలత ఒకటి కాదు.

సొంత కోపానికి మనకు అవకాశం రాకపోలేదు. 2019లో పుణె క్లబ్ స్థానంలో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ, మనోలో మార్కెజ్ చేతుల మీదుగా 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి మన దేశపు పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ గెలిచింది. అదే మార్కెజ్ 2024లో ఎఫ్‌సీ గోవాను వదలకుండానే భారత జట్టు బాధ్యత తీసుకుంటే, రెండు పడవల మీద కాళ్లేమిటన్న విమర్శ వచ్చింది. మొదటి పరీక్ష గచ్చిబౌలిలోనే: మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. ఏడాది తిరగ్గానే వెళ్లిపోయాడు. ఇక హైదరాబాద్ క్లబ్ 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. మేనేజర్ నచ్చలేదని లొల్లి పెట్టుకునే భాగ్యం కూడా దక్కలేదు.

సరే, ఇంకోసారి ఇట్లాంటి నియామకం జరిగితే ఏం చూడాలి? మొదట తేదీ. జూన్‌లో వచ్చినవాడికి జట్టును తీర్చుకోవడానికి ఐదారు వారాలుంటాయి, ఆటగాళ్లను కొనే గడువూ ఉంటుంది. నవంబరులో వచ్చినవాడికి మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య రెండు మూడు సాధన రోజులే, అందులో ఒకటి అలసట తీర్చుకోవడానికే పోతుంది. తర్వాత వెంట తెచ్చుకున్న సిబ్బంది. పాత కోచింగ్ సిబ్బందిలో అభిమానులు ఇష్టపడే ఒక్కరినైనా ఉంచుకున్నాడా, అందర్నీ తుడిచిపెట్టాడా? మొదటి ప్రెస్ మీట్‌లో పాత క్లబ్ గొప్పలు ఎత్తాడంటే కథ చెడ్డట్టే. కొత్త క్లబ్‌ను తక్కువ చేసినా అంతే. 1974లో లీడ్స్ క్లబ్‌కు మేనేజర్‌గా వచ్చిన బ్రయన్ క్లఫ్, మీరు గెలిచిన మెడల్స్ చెత్తబుట్టలో వేయండన్నాడని ఆటగాళ్లే తర్వాత చెప్పుకున్నారు. ఉన్నది 44 రోజులు, ఆరు లీగ్ మ్యాచుల్లో ఒక్క గెలుపు.

‘బూ’ ఎప్పుడు వచ్చిందో కూడా గమనించాలి. చివరి విజిల్ తర్వాత వస్తే అది జట్టు మీద. ఒక ఆటగాణ్ని వెనక్కి పిలిచినప్పుడు వస్తే నేరుగా మేనేజర్ మీద. రెండోది సొంత మైదానంలో వరుసగా మూడు మ్యాచుల్లో వినిపించిందంటే ఇక రోజులు లెక్కపెట్టుకోవడమే.

అయితే వెంటనే ఎందుకు తీసేయరు? కాంట్రాక్టు మధ్యలో తెంచితే పరిహారం కట్టాలి, అతని సిబ్బందికీ కట్టాలి. సీజన్ టికెట్ల డబ్బు వేసవిలోనే వచ్చి పడింది కాబట్టి సీట్లు ఖాళీగా కనబడ్డా గల్లాపెట్టెకు వెంటనే తెలియదు. నొప్పి తెలిసేది ఆ టికెట్లు మళ్లీ కొనే కాలానికి, అంటే సీజన్ ఆఖరుకు. బర్మింగ్‌హామ్ ఊరి క్లబ్ ఆస్టన్ విల్లా ఇందుకు చక్కటి నమూనా. 2011 జూన్‌లో ఊళ్లోని శత్రువు బర్మింగ్‌హామ్ సిటీ నుంచి అలెక్స్ మెక్లీష్‌ను తెచ్చుకుంది, అదీ ఆ క్లబ్ కింది డివిజన్‌కు దిగజారిన నెలలోపే. నియామకం జరగకముందే వద్దంటూ జనం స్టేడియం ముందు చేరారు, సాధన మైదానం గోడల మీద రాతలు వెలిశాయి. ఆ కోపంలో రెండు రకాలు కలిసి ఉన్నాయి: పక్కవాడు, పైగా డిఫెన్స్ తప్ప ఆడించడు. రెండో దానికి ఆటతో జవాబు చెప్పవచ్చు, ఆయన చెప్పలేకపోయాడు. 38 మ్యాచుల్లో 17 డ్రాలు, సొంత మైదానంలో 19కి నాలుగే గెలుపులు, 38 పాయింట్లతో 16వ స్థానం. దిగజారిపోయిన బోల్టన్‌కు రెండే పాయింట్లు ఎక్కువ. పది నెలలు ఆ లొల్లి విన్న యాజమాన్యం ఆఖరి మ్యాచ్ అయ్యేదాకా కదల్లేదు. ఆఖరి మ్యాచ్ 2012 మే 13న. మెక్లీష్‌ను తీసేసింది మే 14న.