కదలద్దు బావా

బొమ్మలు గీసేవాళ్ల ముందు ఊరికే నిలబడటమే కదా అనుకునేవాళ్లకు ముందే చెబుతున్నా: చేయి పైకెత్తే పోజు మాత్రం ఒప్పుకోవద్దు.

అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర ఒక మిద్దె మీద మా బామ్మర్ది ఆదివారాలు డ్రాయింగ్ నేర్పిస్తాడు. మామూలుగా వచ్చే మోడల్ తాత చెనిక్కాయ పీకే పనుందని ఊరికి పోయాడట. నన్ను పిలిచాడు. లైఫ్ డ్రాయింగ్ అనగానే మా ఆవిడ మొహం మారింది. ఫారిన్‌లో బట్టల్లేకుండా నిలబెడతారని తనెక్కడో చూసింది. పంచె, చొక్కా, తలపాగ అన్నీ ఉంటాయని తమ్ముడు ఫోన్లో హామీ ఇచ్చాక గానీ పంపలేదు.

మొదట పిల్లల చేయి తిరగడానికి నిమిషం, రెండు నిమిషాల పోజులు. అవి సరదాగానే ఉన్నాయి. తర్వాత అసలుది, 20 నిమిషాల పోజు. బ్రేక్ తర్వాత మళ్లీ అక్కడే నిలబడాలని నా పాదాల చుట్టూ సుద్దముక్కతో గీత గీశారు. మా బామ్మర్ది బుర్రలో పుట్టిన పోజేమిటంటే, వాన కోసం ఆకాశం చూసే రైతు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితేనే గొప్ప అనుకునే జిల్లాలో ఇంకేం తోస్తుంది? కుడిచేయి నుదుటికి అడ్డం పెట్టి, బరువంతా ఎడమకాలి మీద వేసి, పైకి చూడాలి. పైన ఉన్నది ఫ్యాను. అదీ తిరగడం లేదు, కరెంటు పోయింది.

కాసేపటికే చేతిలో నెత్తురు దిగిపోయి చీమలు పాకినట్టయింది. లేపాక్షి గుళ్లో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చినట్టు నా ఎడమపాదం కింద ఎవరైనా తువ్వాలు దూర్చి లాగినా నాకు తెలిసేది కాదు. టైమర్ పెట్టిన బామ్మర్ది ఫోను మాట్లాడుతూ మెట్లు దిగి పోయాడు. టైమర్ ఆ ఫోనులోనే ఉంది.

సరిగ్గా అప్పుడే, కూతుర్ని తీసుకుపోదామని మా వీధి కిరాణా కొట్టాయన పైకొచ్చాడు.

"ఏమప్పా, నువ్వు ఈడుండావా?"

నేను ఫ్యాను చూస్తున్నాను.

"నిన్నేనప్పా! పిలిస్తే పైకి చూస్తావేమి?"

పలుకుదామని పెదవి కదిపానో లేదో, ముందు వరుసలో రెండు జడల పాప "అంకుల్, నోరు గీస్తున్నా, కదపొద్దు" అని గద్దించింది.

"ఓహో, లెక్క అడుగుతానని ఆకాశం చూస్తాండావా! ఉగాదికి ఓళిగలకని తీసుకుపోయిన బేడలు, బెల్లం లెక్కే ఇంకా రాలా. దసరా కూడా పాయె. రెండు శెనగనూనె ప్యాకెట్లు. బొంబాయి రవ్వ. మీ మామ వచ్చినప్పుడు కాఫీపొడి..."

చిట్టా పుస్తకం చేతిలో లేకుండానే ఆ మనిషి అంత వరసగా ఎలా చదివాడో నాకిప్పటికీ అర్థం కాదు. ఆ కాఫీ తాగిన మామ ఈ బామ్మర్దికి నాన్నే. నెలనెలా కొంత కడుతూనే ఉన్నాను. ఆ ముక్క చెప్పాలంటే నోరు కావాలి, నోరేమో ఆ పాప దగ్గర ఉంది. కొట్టాయన ఇంకా దగ్గరికొచ్చి, సుద్దగీత పక్కనే నిలబడి, నా మొహం మీదికి వేలు చూపించాడు. పిల్లలంతా పేపర్లు తిప్పి ఆయన్ని కూడా గీయడం మొదలుపెట్టారు.

అప్పుడొచ్చాడు మా బామ్మర్ది. నన్ను ఆదుకుంటాడనుకున్నా. రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చూశాడు.

"రైతూ, అప్పులాయనా! కంపోజిషన్ భలే కుదిరింది. కదలద్దు బావా! అన్నా, మీరు కూడా ఆ వేలు అట్లే పెట్టండి."

పెట్టాడు! మీసం సవరించుకుని మరీ పెట్టాడు. ఇంకో 20 నిమిషాలు.

చివర్లో మోడల్‌కిచ్చే డబ్బులు బామ్మర్ది నా చేతికి ఇవ్వకుండా నేరుగా ఆయన చేతిలో పెట్టాడు. పోనీలే, కొంత బాకీ తీరిందనుకున్నా. ఆయన నోట్లు లెక్కపెట్టి జేబులో దోపుకుని, "ఇది ఈ పొద్దు నేను నిలబడినదానికి కూలి. నీ లెక్క నీదే" అని కూతుర్ని తీసుకుని దిగిపోయాడు.