పార్కింగులో మిగిలిన జమీందారీ

కోస్తాలో జమీందారీలు 1948 చట్టంతో రద్దయ్యాయి. ఇటు హైదరాబాద్ రాజ్యంలో జాగీర్లు ఆ మరుసటి ఏడాదే పోయాయి. స్కూల్లో చదువుకున్నాం, నిజమేనని నమ్మాం. కానీ ప్రభుత్వం కన్నుగప్పి ఒక జమీందారీ ఇంకా మిగిలే ఉందని, అది మా అపార్ట్‌మెంట్ సెల్లారులో పద్నాలుగో నంబరు గడిలో కొలువు తీరిందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. నలుపు రంగు, 2015 మోడల్, డీజిల్ కారు, జర్మన్ వంశం. వంశం పేరు మాత్రం చెప్పను. ఆ వంశంవారు మా అపార్ట్‌మెంటులోనే మరో రెండిళ్లలో ఉన్నారు. ఆ ఇళ్లవాళ్లు ఇప్పటికే బాధలో ఉన్నారు.

కొత్తలో దీని ఖరీదు 60 లక్షల పైమాటేనట. నాకు 13 లక్షల 40 వేలకు వచ్చింది. ఆ డబ్బుకు షోరూములో సరికొత్త మామూలు కారు ఒకటి, దానికి వారంటీ, ఒక స్టెప్నీ, రాత్రి నిద్ర వస్తాయి. మా బామ్మర్ది అదే కొన్నాడు. అతను కొన్న మూడో రోజున నేనిది కొన్నాను. ఈ రెండు సంఘటనలకూ ఎలాంటి సంబంధం లేదు.

కొన్నాకే నాకొక ఆర్థిక సూత్రం బోధపడింది. కారు పాతబడుతుంది గానీ దాని విడిభాగాలు పాతబడవు. 60 లక్షల కారు 13 లక్షలకు దిగింది కదా అని దాని హెడ్‌లైటు కూడా ఆ లెక్కన దిగిరాదు. అది ఎప్పటికీ 60 లక్షల కారు హెడ్‌లైటే. భూములు పోయాయి, దివాణం పోయింది, దొరగారు మన రెండు గదుల ఇంట్లో అద్దెకు దిగారు. కానీ పొద్దున్నే పళ్లు తోముకోవడానికి వెండి చెంబు కావాలంటారు. పైగా ఆనాటి జమీందారులకు ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. ఈయనకు నేనిస్తున్నాను, నెలనెలా.

దొరగారిది ఢిల్లీ. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు రోడ్డెక్కకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దానికి ముద్ర వేసింది. తర్వాత ఆ ఆంక్ష ఒకసారి బిగిసింది, ఒకసారి సడలింది. ఈలోపు అక్కడి శ్రీమంతులు గడువు దగ్గరపడిన బండ్లను దేశం మీదికి తోలడం నేర్చుకున్నారు. వాళ్ల ఊపిరితిత్తులు వాళ్లు కాపాడుకున్నారు. నా బ్యాంకు బ్యాలెన్సు ఆ ట్రిబ్యునల్ పరిధిలోకి రాదు. అక్కడ ఫారం 28తో అభ్యంతరం లేదనే ఎన్‌వోసీ, ఇక్కడ 29, 30లతో పేరు మార్పు, ఆపైన మళ్లీ లైఫ్ టాక్సు. లైఫ్ టాక్సంటే బండి జీవితానికంతా ఒకేసారి కట్టేదని అనుకునేవాణ్ణి. రాష్ట్రం మారితే పునర్జన్మ కింద లెక్కట.

ఈయన మ్యాపులో ‘హోమ్’ అని నొక్కితే ఇప్పటికీ ఢిల్లీలో ఏదో కాలనీకే దారి చూపిస్తాడు. దాదాపు 1,550 కిలోమీటర్లు. మార్చుకోవచ్చట. నేను మార్చలేదు. పెద్దవాళ్లకు సొంతూరి మీద మమకారం ఉంటుంది.

బ్రోకరు గురించి ఎక్కువ చెప్పను. డాక్టరుగారు వాడిన బండి అన్నాడు. సెకండ్ హ్యాండ్ బ్రోకర్ల మాటే నిజమైతే ఈ దేశంలో డాక్టర్లు తప్ప ఇంకెవరూ కారు కొనలేదు. కొనేముందు బయటి మెకానిక్కును తీసుకెళ్లి స్కానరు పెట్టించి, లిఫ్టు మీద ఎక్కించి అడుగు చూపించుకోవాలని, దానికి నాలుగైదు వేలు అవుతుందని నాకు తెలుసు. అనవసరపు ఖర్చనిపించింది. ఆ డబ్బుతో పూజ ఘనంగా చేయించాను.

ఆంజనేయస్వామి గుడి ముందు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. పూజారిగారు ఐదోది చేత్తో పట్టుకుని “స్టెప్నీ ఎక్కడుంది నాయనా?” అని అడిగారు. డిక్కీ తెరిచాను, పరుపు ఎత్తాను. స్టెప్నీ లేదు. ఈ వంశంలో స్టెప్నీ మోయరట. రన్‌ఫ్లాట్ టైర్లట. గాలి మొత్తం పోయినా గంటకు 80 దాటకుండా ఇంకో 80 కిలోమీటర్లు పోవచ్చట. ఆ 80 కిలోమీటర్లలోపు ఆ సైజు టైరు దొరికే ఊరు ఉండాలన్నది మాత్రం మన జాతకం. ఐదో నిమ్మకాయ పూజారిగారు నా చేతికే ఇచ్చారు. ఆయనకు ముందే తెలిసినట్టుంది.

తొమ్మిదో రోజు పొద్దున వాచ్‌మన్ తలుపు కొట్టాడు. “సార్, మీ బండి కూసున్నది.”

వెళ్లి చూస్తే నిజంగానే కూర్చుంది. ముందు ఎడమ పక్క చక్రం రెక్కలోకి దూరిపోయి, దొరగారు ఒక మోకాలు నేలకానించి ఉన్నారు. ఈ వంశంలో పెద్ద తలకాయలకు ఉక్కు స్ప్రింగులు ఉండవు, రబ్బరు గాలితిత్తులు ఉంటాయి. కొలిమి దగ్గర చూస్తాం కదా, అలాంటివే, కాకపోతే ఒక్కోదాని ధరకు కమ్మరి కుటుంబం ఏడాది బతుకుతుంది. ఏడెనిమిదేళ్లకు ఆ రబ్బరు మడతల్లో సన్నటి పగుళ్లు పడతాయి. రాత్రంతా గాలి పోతుంది. పొద్దున స్టార్ట్ చేస్తే ఒక చిన్న కంప్రెసరు గుర్రుమంటూ గాలి కొట్టి మళ్లీ లేపుతుంది. మనం కూడా లేచింది కదా అని ఆఫీసుకు పోతాం. అదే తప్పు. లీకు ఉన్నన్నాళ్లూ ఆ కంప్రెసరు కొడుతూనే ఉంటుంది, ఒకనాటికి కాలిపోతుంది. తిత్తి దగ్గర కక్కుర్తి పడితే కంప్రెసరు బిల్లు కూడా వస్తుంది.

షోరూమువాళ్లు కాఫీ ఇచ్చారు. మంచి కాఫీ. ఆపైన ముందు రెండు తిత్తులూ, కంప్రెసరూ కలిపి ఒక ఎస్టిమేషన్ ఇచ్చారు. ఆ అంకె చూశాక నేను తాగినది ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన కాఫీ కావచ్చన్న అనుమానం వచ్చింది. ఆ ధరకు మా బామ్మర్ది కారులో ముందు సగం వస్తుంది.

ఆటోనగర్ మిస్త్రీ దగ్గరకు పోయాను. ఆయన బోనెట్ ఎత్తి కాసేపు మౌనం పాటించాడు. పైనుంచి కింది దాకా నల్లటి ప్లాస్టిక్ మూతలే. ఆయిలు చూద్దామని డిప్‌స్టిక్ కోసం చెయ్యి పెట్టాడు. డిప్‌స్టిక్ లేదు. ఈయన ఒంట్లో ఆయిలెంత ఉందో ఈయనే లోపల స్క్రీను మీద చెబుతాడు, మనం నమ్మాలి. “ఇంజను కనపడకుండా ఎందుకు కప్పెట్టిన్రు సార్?” అన్నాడు మిస్త్రీ. ఘోషా అని చెప్పాను. అయినా ఆయన ఆయన పద్ధతిలో పోయాడు. సర్ఫు నీళ్లు సీసాలో కలిపి తిత్తి మీద చల్లాడు. మడత దగ్గర బుడగలు లేచాయి. చిన్నప్పుడు సైకిలు ట్యూబు తొట్టిలో ముంచి పంచరు పట్టుకున్న విద్యే, జర్మనీ దాకా పనిచేస్తుంది. కొత్తది బయటి కంపెనీది తెప్పిద్దామన్నాడు. లేకపోతే పాతది మాయాపురి నుంచి రావాలన్నాడు. ఢిల్లీలో తుక్కు బజారు పేరట అది. ఆ పేరు పెట్టినవాడెవరో గానీ దార్శనికుడు. మొత్తానికి ఆర్డరు పెట్టాం. అది వచ్చేదాకా దొరగారిని కదిలించొద్దన్నాడు.

కదిలించలేదు. అలిగారు. వారం తర్వాత తాళం నొక్కితే తలుపు తెరుచుకోలేదు. తాళంచెవిలో దాగున్న చిన్న ఇనుప తాళం బయటికి లాగి తిప్పితే తెరుచుకుంది. కాసేపటికి స్క్రీను మీద వరుసగా వార్తలు మొదలయ్యాయి. గేర్‌బాక్సు పనిచేయట్లేదు. స్టీరింగుకు సాయం అందట్లేదు. ఎయిర్‌బ్యాగులో లోపం. పార్కింగ్ బ్రేకులో లోపం. మా ఆవిడ వెనక నిలబడి అంతా చదివి, “ఏవండీ, బాగున్నవేవో చెప్పమనండి, తొందరగా అయిపోతుంది” అంది. తోసుకుపోదామంటే బ్యాటరీ లేందే న్యూట్రల్లోకి రాదు. బ్రేకు కూడా కరెంటు మీటతోనే. పల్లకీ మీద తప్ప కదలరు. అంటే బండిని పూర్తిగా పైకెక్కించుకుని పోయే ట్రక్కు. అది మా సెల్లారులోకి దిగదు.

చివరికి ఇంటికొచ్చి స్కాన్ చేసే కుర్రాడొకడు దొరికాడు. ల్యాప్‌టాప్ తగిలిస్తే 43 లోపాల కోడ్లు వచ్చాయి. నాకు ముచ్చెమటలు పోశాయి. కుర్రాడు మాత్రం ఒక్కటి కూడా చదవలేదు. ముందు మీటరు తీసి బ్యాటరీకి పెట్టాడు. 11.8 వోల్టులు. నిండా ఉంటే 12.6 చూపించాలట. “కరెంటు తక్కువుంటే గిట్లనే సార్, లోపలి ప్రతి కంప్యూటర్ పెట్టె పక్క పెట్టె మీద కంప్లైంట్ రాస్తది. ఈ కోడ్లు పట్టుకొని పార్ట్‌లు మారిస్తే ఇల్లు అమ్ముకోవాలె.” ఛార్జి పెట్టి, కోడ్లు చెరిపి, మళ్లీ చూశాడు. 43 కాస్తా 2 అయ్యాయి. ఒకటి గాలితిత్తి. రెండోది వెనక కెమెరా, దాన్ని ఎలక పరామర్శించి పోయింది. నిజం చెప్పొద్దూ, వైద్యం మీద నాకు నమ్మకం కలిగిన క్షణం అదే. కలరా ఉండలు మూట కట్టి బోనెట్ కింద వేలాడదీశాను.

కొత్త బ్యాటరీ 28 వేలు. బిగిస్తే సరిపోదట, బిగించామని కంప్యూటరు ద్వారా దొరగారికి విన్నవించుకోవాలట. లేకపోతే ఇంకా ముసలి బ్యాటరీయే ఉందనుకుని ఆ లెక్కనే ఛార్జి పెడతారట. విన్నవించుకున్నాం. అసలు బ్యాటరీ ఎందుకు పోయిందో కూడా కుర్రాడే పట్టుకున్నాడు. తాళం వేశాక లోపలి కంప్యూటర్లు ఒకదాని వెనక ఒకటి నిద్రపోవాలి. మా వాచ్‌మన్ పొద్దున్నే అద్దాలు తుడవడానికని తాళంచెవిని బండి పక్కనే గోడ మేకుకు తగిలిస్తున్నాడు. యజమాని పక్కనే ఉన్నాడనుకుని దొరగారు రాత్రంతా మేలుకుని ఎదురుచూస్తున్నారు. “చెవి బండికి ఎంత దూరముంటే అంత మంచిది సార్” అన్నాడు కుర్రాడు. ఈ మాట నేను గుండెల్లో రాసుకున్నాను.

మొత్తానికి తిత్తి వచ్చింది, దొరగారు లేచారు. వానాకాలం సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. పైన గాజు కప్పు ఉంది కదా, దాని అంచుల్లో పడిన నీళ్లు బయటికి పోవడానికి నాలుగు మూలలా సన్నటి గొట్టాలుంటాయి. ఆఫీసు దగ్గర వేపచెట్టు నీడలో పెట్టాను. ఆకులు పడి గొట్టాలు పూడుకుపోయాయి. నీళ్లు సీటు కింది తివాచీలో చేరాయి. ఈ వంశం ఇంజనీర్లు ముఖ్యమైన ఎలక్ట్రానిక్ పెట్టెలను ఎక్కడ పెట్టారో ఊహించండి. సీటు కిందే. వేపగాలి ఆరోగ్యానికి మంచిదంటారు గానీ, అది అందరికీ పడదు.

జీర్ణశక్తి కూడా అంతంతమాత్రమే. పొగలోని మసిని పట్టుకునే ఫిల్టరు ఒకటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి ఆగకుండా కాసేపు వేగంగా పోవాలి. మాదాపూర్ ట్రాఫిక్‌లో రోజుకు ఆరు కిలోమీటర్లు పాకే బండికి ఆ యోగం ఎక్కడిది? మసి పేరుకుంటుంది, దీపం వెలుగుతుంది. అందుకని ప్రతి రెండో ఆదివారం దొరగారిని గాలి మార్పుకు అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కిస్తున్నాను. ఊరి చుట్టూ 158 కిలోమీటర్ల ప్రదక్షిణ మార్గం ఉంది, టోలు కడితే చాలు. పిల్లలు మొదట్లో సంబరపడ్డారు. “ఎక్కడికి పోతున్నాం నాన్నా?” అని అడిగేవాళ్లు. ఎక్కడికీ కాదు, ఆయనకు కడుపు ఖాళీ అయితే తిరిగొచ్చేస్తాం అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు అడగట్లేదు, రావట్లేదు.

గేర్‌బాక్సు ఆయిలు జీవితాంతం మార్చక్కర్లేదని బండి పుస్తకంలో ఉంది. ఆ గేర్‌బాక్సును తయారుచేసిన జెడ్‌ఎఫ్ కంపెనీయేమో లక్ష కిలోమీటర్లకు అటూ ఇటుగా మార్చమంటుంది. జీవితాంతం అన్నది మొదటి యజమాని వారంటీ జీవితమని మిస్త్రీ భాష్యం. ఇంజనాయిలుకూ అంతే, పుస్తకంలో రాసిన దూరంలో సగానికే మార్చేయమన్నాడు. పుస్తకం ఢిల్లీలో ఉండే మొదటి కొడుక్కి రాసిన వీలునామా, మనం దత్తపుత్రులం.

మొన్న ఏలూరులో మా ఆవిడ తరఫు పెళ్లి. ఈసారి కుడి పక్క గాలితిత్తి పోయింది, కొత్తది ఇంకా రాలేదు. దొరగారు మళ్లీ మోకాలి మీదే ఉన్నారు. సికింద్రాబాద్‌లో రైలెక్కి, ఏలూరు స్టేషన్ నుంచి ఆటోలో పోయాం. బంతి భోజనాల్లో అరిటాకు పక్కన తాళంచెవి పెట్టుకుని కూర్చున్నాను, వంశముద్ర పైకి కనపడేలా. చూశారు. అటు వరుసలో ఇద్దరు ముగ్గురు చూశారు. చిన్న మావగారు నెయ్యి వడ్డించడం ఆపి మరీ చూశారు. “ఆ చెవి ఇంత దూరం ఎందుకు మోసుకొచ్చారండీ?” అని మా ఆవిడ చెవిలో గొణిగింది. బండికి ఎంత దూరముంటే అంత మంచిదని స్కానింగ్ కుర్రాడు చెప్పిన మాట గుర్తుచేశాను. మూడు వందల కిలోమీటర్ల పైమాటే, దొరగారు ఈపాటికి గాఢనిద్రలో ఉంటారు.

ఎదురు బంతిలో బామ్మర్ది గుత్తొంకాయ కలుపుకుంటున్నాడు. వాడి తాళంచెవి జేబులోంచి బయటికి తీయలేదు. వాడు కారులో వచ్చాడు.