కర్త కనబడుట లేదు

కనబడుట లేదు. పేరు: కర్త. పని: వాక్యం మొదట్లో నిలబడి, జరిగినదానికి పూచీ పడడం. చివరిసారి కనిపించిన చోటు: అమెరికా, టెక్సాస్ రాష్ట్రం, యంగ్ కౌంటీ. సంవత్సరం: 1859. ఆనవాళ్లు: తెల్లటి ఛాయ, కింద గుర్రం, చేతిలో తుపాకీ. ఆచూకీ తెలిపినవారికి దారిఖర్చులు ఇవ్వగలం.

ఈ ప్రకటన వేయించమని నా ప్రాణం తీసింది మా బాబాయి. ఆయన జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో ముప్ఫై ఏళ్లు తెలుగు పండితులుగా పనిచేసి, ఎర్ర సిరా పెన్ను తప్ప మరే ఆస్తీ కూడబెట్టకుండా పదవీ విరమణ చేసి, ఆరు నెలలు ఉండిపోదామని డాలస్ శివార్లలోని మా ఇంటికి వచ్చారు. అమెరికా వచ్చిన పెద్దవాళ్లకు చూపించేవన్నీ చూపించాం: గుడి, ఇండియన్ కిరాణా కొట్టు, కెనడీని కాల్చిన వీధి, మళ్లీ గుడి. అయిదో వారానికి సరుకు అయిపోయింది. వాయవ్యంగా రెండు గంటలు కారు నడిపి ఆయన్ను యంగ్ కౌంటీకి తీసుకెళ్లాను. అక్కడ చరిత్ర ఉందని ఎవరో చెప్పారు. తప్పు నాదే. కర్తను ఇలా ముందే ఒప్పుకోవడం మంచిదని ఆ తరువాత తెలిసింది.

టెక్సాస్ వాళ్లకు ఫలకాల మీద ఉన్న మమకారం గురించి ఒక మాట చెప్పాలి. 254 కౌంటీలు, 16,000 పైచిలుకు చారిత్రక ఫలకాలు. ఈ తోటలో మొదటి భారీ కాపు 1936లో వచ్చింది. రాష్ట్రం మెక్సికో నుంచి తెచ్చుకున్న తన స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండాయని ఊరూరా బూడిదరంగు గ్రానైటు పలకలు పాతించింది. వాటి నెత్తిన కంచు నక్షత్రం, చుట్టూ కంచు దండ. 1960ల నుంచి పోత అల్యూమినియం పలకలు వచ్చాయి. నల్లటి నేల, వెండిరంగు అక్షరాలు, ఇనప స్తంభం. ఆ పలక వెనక్కి వెళ్లి చూస్తే కందిరీగల గూడు తప్పకుండా ఉంటుంది. నేను వెళ్లి చూశాను కాబట్టి చెబుతున్నాను. చెయ్యి ఇప్పుడు బాగానే ఉంది.

గ్రేహమ్ అనే ఊరు దాటాక రోడ్డు పక్కన మొదటి ఫలకం. బాబాయి దిగగానే చుట్టూ ఉన్న ముళ్లపొదలు చూసి, "సర్కారు తుమ్మ!" అని చిన్ననాటి నేస్తం ఎదురైనట్టు సంబరపడ్డారు. అక్కడివాళ్లు దాన్ని మెస్కీట్ అంటారు. నిజానికి అది మన సర్కారు తుమ్మకు దాయాదే. ఆ తరువాత చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో పిల్లవాడి వెనక నిలబడ్డట్టు ఫలకం ముందు నిలబడ్డారు.

"చదువు."

చదివాను. ఏ ఫలకమో చెప్పను, చెప్పక్కరలేదు కూడా. సరిహద్దు కౌంటీల్లో చాలా వాటిది ఒకటే అచ్చు. (వీటిలో ఇండియన్లంటే మనం కాదు, ఆ నేల ఆదివాసులు. రిజర్వేషనంటే ఉద్యోగాల్లో వాటా కాదు, వాళ్లు ఉండడానికి గీసిచ్చిన భూమి.) కోట కట్టబడింది. భూములు తెరవబడ్డాయి. ఇండియన్లకు రిజర్వేషను ఏర్పాటు చేయబడింది. ఉద్రిక్తతలు పెరిగాయి. 1859లో ఇండియన్లు ఉత్తరానికి తరలించబడ్డారు. ప్రాంతం అభివృద్ధి చెందింది.

"ఆగు. తరలించబడ్డారు. ఎవరి చేత?"

"ఇందులో లేదు బాబాయ్."

"ఉండాలి. చేతన్, చేన్, తోడన్, తోన్. కర్మణి ప్రయోగం రాసినప్పుడు కర్తకు తృతీయా విభక్తి వస్తుంది. రాముని చేత రావణుడు చంపబడెను. రాముణ్ణి తీసేసి 'రావణుడు చంపబడెను' అని వదిలేస్తే, వాడు మెట్ల మీద జారిపడ్డాడేమోనని పిల్లలు అడగరా? సరిగ్గా చూడు. వెనక రాశారేమో."

నేను ఫలకం వెనక్కి వెళ్లడం, కందిరీగలు నన్ను పలకరించడం ఈ సందర్భంలోనే జరిగాయి. అక్కడా కర్త లేడు. బాబాయి జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. పోత అల్యూమినియం మీద ఎర్ర సిరా పట్టదని, పట్టినా షెరీఫు ఊరుకోడని నచ్చజెప్పడానికి పది నిమిషాలు పట్టింది. చివరికి నా పార్కింగు రసీదు వెనక రాసి, ఆ స్తంభం కింద రాయి బరువు పెట్టి వచ్చారు: "కర్త లోపించినది. వాక్యం అసంపూర్ణం. ఉద్రిక్తతలు వాటంతట అవి పెరగవు, కలుపు మొక్కలు కావు. పదికి రెండున్నర." ఆ అర మార్కు దస్తూరికట.

కారెక్కాక మరో సందేహం. "మన ఊళ్లో మురుగు కాలువ మీద వేసిన శిలాఫలకం గుర్తుందా? గౌరవ మంత్రివర్యులు, గౌరవ శాసనసభ్యులు, గౌరవ జడ్పీటీసీ సభ్యులు, సర్పంచి, ఉప సర్పంచి, వార్డు సభ్యులు, చివర్న కాంట్రాక్టరు. పదహారుమంది కర్తలు. కాలువ మాత్రం ఇప్పటికీ లేదు. వీళ్లది చూడు. పని మొత్తం పూర్తయింది, చేసినవాడు ఒక్కడూ లేడు. మనవాళ్లను పిలిపించి వీళ్లకు శిక్షణ ఇప్పించరాదా?"

ఆయన వ్యాకరణంతో నాకు పేచీ లేదు. నా బాధ వేరు. ఈ ఫలకాల భాషలో కర్త అనేవాడే ఉండడని ఎవరైనా అంటే ఒప్పుకుని ఊరుకునేవాణ్ణి, అది వాళ్ల సంప్రదాయమనుకునేవాణ్ణి. కానీ అదే కౌంటీలో సాల్ట్ క్రీక్ మైదానం ఉంది. 1871 మే 18న అక్కడ కియోవా తెగ ఇండియన్లు హెన్రీ వారెన్ సరుకు బళ్ల మీద పడి ఏడుగురు బండివాళ్లను చంపారు. ఈ కథ ఎక్కడ చదివినా కర్తలు ముగ్గురూ తయారు: సటాంటా, సటాంక్, బిగ్ ట్రీ. పక్క కౌంటీలోని జాక్స్‌బరోలో విచారణ జరిగిన నెల, శిక్ష మార్చిన గవర్నరు, సటాంటా హంట్స్‌విల్ జైలు కిటికీలోంచి దూకి చనిపోయిన తేదీ, అన్నీ ఉన్నాయి. కర్తరి ప్రయోగం ఎంత శుద్ధంగా వచ్చునో వీళ్లకు! చేసినవాడి రంగును బట్టి మారే వ్యాకరణం ఇదొక్కటే నేను చూశాను. పాణినికి తట్టలేదు, చిన్నయసూరికీ తట్టలేదు.

అందుకని ఆ రాత్రి బాబాయి నాకు హోంవర్కు ఇచ్చారు. "తరలించబడ్డారు" అన్న ఒక్క ముక్కను కర్తరి ప్రయోగంలోకి మార్చి, అన్ని కర్తలతో సహా రాసుకు రమ్మన్నారు. రాశాను. దిగువన ఇస్తున్నాను.

1854లో టెక్సాస్ శాసనసభ తన భూమిలో కొంత ఇండియన్లకు కేటాయించింది. కెప్టెన్ రాండాల్ఫ్ మార్సీ, ఇండియన్ల వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఏజెంటు రాబర్ట్ నైబర్స్ వెళ్లి సర్వే చేశారు. ఫోర్ట్ బెల్‌నాప్ కోటకు దిగువన, బ్రాజోస్ నది మీద 37,152 ఎకరాలు. కాడో, అనడార్కో, వేకో, తవాకొనీ, టొంకవా ప్రజలు, ఇంచుమించు రెండు వేలమంది, అక్కడికి చేరారు. మొక్కజొన్న వేశారు, గోధుమ వేశారు, పశువులు పెంచారు, పిల్లల్ని బడికి పంపారు. పైన క్లియర్ ఫోర్క్ అనే ఉపనది మీద కమాంచీ తెగవాళ్లకు ఇంకో చిన్న రిజర్వేషను. 1858 మే నెలలో రిప్ ఫోర్డ్ అనే రేంజర్ల (టెక్సాస్ సరిహద్దు కాపలా దళం) కెప్టెన్ ఉత్తరాన ఉన్న కమాంచీల మీదికి దండెత్తినప్పుడు ఆయన వెంట వందమంది రేంజర్లు వెళితే, వాళ్లకంటే ఎక్కువమంది ఈ రిజర్వేషను ఇండియన్లే వెళ్లారు. తెల్లవాళ్లు చెప్పినట్టు దున్నారు, తెల్లవాళ్ల పక్షాన పోరాడారు. ఇంతకంటే మంచి పౌరులు ఎలా ఉంటారో నాకు తెలియదు.

సరిహద్దులో దాడులు లేవని కాదు. ఉన్నాయి. గుర్రాలు పోయేవి, మనుషులూ చనిపోయేవారు. చేసినవాళ్లు ఉత్తరాన దొరకకుండా తిరిగేవారు. దొరికేవాళ్లు ఇక్కడ పొలం దున్నుకుంటున్నారు. జాన్ బేలర్ అనేవాడు కమాంచీ రిజర్వేషనులో ఏజెంటుగా ఉండి 1857లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ కోపం తీర్చుకోవడానికి ఊరూరా తిరిగి, దొంగలు రిజర్వేషనులోనే ఉన్నారని చెప్పాడు. తరువాత ఒక పత్రిక కూడా నడిపాడు. దాని పేరు ది వైట్ మాన్. దాపరికం లేని మనిషి, ఒప్పుకోవాలి.

1858 డిసెంబరు 27. చాక్టా టామ్ అనే పెద్దమనిషి బంధువర్గం, ఏజెంటు అనుమతితోనే, పాలో పింటో కౌంటీలో కీచీ వాగు దగ్గర గుడారాలు వేసుకుని పడుకుంది. పీటర్ గార్లండ్ తన మనుషులతో వచ్చి, నిద్రలో ఉన్నవాళ్ల మీద కాల్పులు జరిపాడు. ఏడుగురు చనిపోయారు. అందులో ఆడవాళ్లున్నారు. చంపినవాళ్లు పారిపోలేదు, దాక్కోలేదు, పేర్లు మార్చుకోలేదు. జిల్లా జడ్జి బాటిల్ వాళ్లను అరెస్టు చేయమన్నాడు. ఆ పని చేయాల్సిన రిప్ ఫోర్డ్, ఏ ఇండియన్లను వెంటబెట్టుకుని గెలిచి వచ్చాడో ఆ రిప్ ఫోర్డ్, చేయనన్నాడు. ఎవరి మీద కేసు పెట్టాలో తేల్చే గ్రాండ్ జ్యూరీ కూర్చుంది. గార్లండ్ మనుషుల మీద అభియోగం పెట్టలేదు. మరి ఊరికే లేచి వెళితే బాగుండదనుకున్నారేమో, అనడార్కో పెద్ద హోసే మరియా మీద అభియోగం పెట్టారు. దేనికి? కంచరగాడిదను దొంగిలించాడని.

ఈ వాక్యం దగ్గర నా హోంవర్కు ఆగిపోయింది. పడుకున్న ఆడవాళ్లను చంపినవాడు ఇంటికి వెళ్లి అన్నం తిన్నాడు. వాళ్ల పెద్ద గాడిద దొంగ అయ్యాడు. దీన్ని "ఉద్రిక్తతలు పెరిగాయి" అని రాసినవాడెవడు? వాడికి చెయ్యి ఎలా వచ్చింది? పేర్లు దొరక్కపోతే సరే. తేదీ ఉంది, వాగు పేరుంది, జడ్జి పేరుంది, చంపినవాడి పేరుంది. గాడిద గురించి కూడా కాగితం ఉంది! కంచు నక్షత్రానికి చోటు సరిపోయిన పలక మీద పీటర్ గార్లండ్ అన్న రెండు మాటలకు చోటు లేకపోయిందా?

క్షమించాలి. హోంవర్కులో గొంతు పెంచకూడదని బాబాయి నియమం.

1859 మే 23న బేలర్ సుమారు 250 మందితో రిజర్వేషను మీదికే వచ్చాడు. సైన్యం అడ్డుపడింది. వెనక్కి తిరిగేటప్పుడు వాళ్ల చేతికి చిక్కినవాళ్లు ఒక ముసలాయన, ఒక ముసలమ్మ. ఇద్దర్నీ చంపారు. ఆ తరువాత ఇక ఉండనివ్వరని నైబర్స్‌కు అర్థమైంది. రెండు రిజర్వేషన్ల జనాన్నీ నడిఎండల్లో ఉత్తరానికి నడిపించాడు. ఆగస్టు 8న రెడ్ రివర్ దాటించి భార్యకు ఉత్తరం రాశాడు: ఇండియన్లందర్నీ టెక్సాస్ అనే అన్యజనుల దేశం నుంచి బయటికి దాటించానని, వివరాలు కావాలంటే బైబిల్లో ఇశ్రాయేలీయులు ఎర్రసముద్రం దాటిన ఘట్టం చదువుకోమని. వాళ్లను అప్పగించి బెల్‌నాప్‌కు తిరిగి వచ్చాడు. సెప్టెంబరు 14న ఎడ్వర్డ్ కార్నెట్ అనేవాడు, ముఖపరిచయమైనా లేనివాడు, వెనక నుంచి కాల్చి చంపాడు.

ఇదీ "తరలించబడ్డారు" అన్న మాటకు కర్తరి రూపం. కొంచెం పొడుగైంది. అల్యూమినియం ఖర్చు ఎక్కువవుతుందని తెలుసు.

మరునాడు ఫోర్ట్ బెల్‌నాప్‌కు వెళ్లాం. 1851లో కట్టిన కోటను 1936లో బాగుచేశారు. లోపల పెద్ద ద్రాక్ష పందిరి ఉంది, దాని కింద జనం భోజనాలు చేస్తారు. మేమూ పులిహోర పొట్లాలు విప్పాం. నా హోంవర్కును బాబాయి పులిహోర చేత్తోనే అందుకుని, చివరిదాకా చదివి, ఒక్క దిద్దుబాటు కూడా పెట్టకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయన అలా చేసి ఎరగరు. నైబర్స్‌ను పాతిపెట్టిన శ్మశానం అక్కడికి దగ్గరే. వెళదామా అంటే వద్దన్నారు.

తిరుగుదారిలో గ్రేహమ్‌లో ఆగాం. అమెరికాలోకెల్లా పెద్ద ఊరి చౌకు తమదేనని ఆ ఊరివాళ్లు చెబుతారు. ఉండవచ్చు, కారు తిప్పడానికి హాయిగా ఉంది. 1877 ఫిబ్రవరిలో ఆ ఊళ్లోనే ఓక్ చెట్టు కింద పశువుల ఆసాములు సమావేశమై సంఘం పెట్టుకున్నారు. దానికీ ఫలకం ఉంది. ఇక్కడ కర్తలకు కొరత లేదు: అధ్యక్షుడు కిట్ కార్టర్, కార్యదర్శి జేమ్స్ లవింగ్. ఆ సంఘం ఇప్పటికీ నడుస్తోంది.

"సంఘం ఎందుకట?" అన్నారు బాబాయి.

"పశువుల దొంగతనాలు ఎక్కువైపోయాయట బాబాయ్. వాటిని ఆపడానికట."

"ఏ సంవత్సరం అన్నావు?"

"1877."

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టారు. రిజర్వేషను ఖాళీ అయి పద్దెనిమిదేళ్లు. సటాంటా హంట్స్‌విల్ జైల్లో ఉన్నాడు. కమాంచీల నాయకుడు క్వానా పార్కర్ 1875లోనే ఫోర్ట్ సిల్‌లో లొంగిపోయాడు. ఆ నేల మీద ఇక దొంగ అని వేలెత్తి చూపడానికి ఒక్క ఇండియనూ లేడు.

"మన రాయలసీమ వీరగల్లుల మీద చూశావా," అన్నారు, "పశువుల్ని తోలుకుపోతుంటే అడ్డుపడి ఎవడు చచ్చాడో ఉంటుంది. వెయ్యేళ్లనాటి రాయి, చదువురాని ఊరు. అయినా ఉంటుంది." కాసేపు ఆ ఫలకం వైపు చూసి, "మరి 1877లో ఈ పశువుల్ని దొంగిలించిందెవరురా?"

నేను నీళ్లు నమిలాను. ఆయనే కారు తలుపు తీసుకుని కూర్చుని, బెల్టు పెట్టుకుని, ఎర్ర పెన్నుకు మూత బిగించారు.

"రాసుకో," అన్నారు. "పశువులు దొంగిలించబడుచుండెను."