మహారాజశ్రీ క్లిప్‌బోర్డు గారికి, జెర్సీ కొన్న ఒక తండ్రి విన్నపం

మహారాజశ్రీ క్లిప్‌బోర్డు గారి సముఖమునకు,

2025 డిసెంబరు 15న, ఇండియానాపోలిస్ ఉత్తర శివారు నుంచి, మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కోల్ట్స్ అభిమాని ఒకడు నమస్కరించి వ్రాయునది. జట్టును నడుపుతూ బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్ అయితే, తన వంతు వచ్చేదాకా బెంచి మీద కూర్చుని నేర్చుకునే క్వార్టర్‌బ్యాక్ చేతిలో ఉండే కాగితాల చెక్క తమరు. ఇక్కడ మేము క్షేమంగా లేము. తమరు క్షేమమేనని తలుస్తాను. ఎవరూ ముట్టుకోని వస్తువుకు అరుగుదల ఎక్కడిది?

నిన్న ఆదివారం మధ్యాహ్నం నాలుగు దాటాక, బయట చలి కొరుకుతుంటే, పప్పుచెక్కల డబ్బా ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను. సియాటిల్‌లో ఆట. మా తరఫున క్వార్టర్‌బ్యాక్‌గా దిగినవాడు ఫిలిప్ రివర్స్. వయసు 44. దాదాపు ఐదేళ్ల క్రితం ఆట మానేసి, అలబామాలో హైస్కూలు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుకుంటున్న మనిషి. పదిమంది పిల్లల తండ్రి, ఈమధ్యే తాతయ్య కూడా అయ్యాడు.

"నాన్నా, మన టీములో ఇంకెవరూ లేరా?" అని అడిగాడు మావాడు. పదేళ్లవాడు, వాడికి ఇలాంటివి పట్టించుకోవద్దని తెలియదు.

ఉన్నారు నాన్నా. వారం క్రితం వరకు ఆడిన డేనియల్ జోన్స్‌కు మడమ వెనక నరం తెగింది. ఈ ఏడాదే వచ్చిన రైలీ లెనర్డ్ బెంచి మీద ఉన్నాడు. ఇంకొకడు ఉన్నాడు, 23 ఏళ్లవాడు. అక్టోబరులో ఆటకు ముందు ఒళ్లు వేడెక్కించుకుంటుంటే సాగే రబ్బరు పట్టీ వచ్చి కంటికి తగిలి, కంటి చుట్టూ ఉండే ఎముక విరిగింది. పేరు ఆంథొనీ రిచర్డ్‌సన్. నీ అల్మారాలో ఉన్న 5వ నంబరు జెర్సీ అతనిదే.

మూడు గంటల తరవాత 18–16తో ఓడిపోయాం. అవతలివాళ్లకు ఒక్క టచ్‌డౌన్ కూడా ఇవ్వకుండా, అంటే బంతిని మా చివరి గీత దాటనివ్వకుండా, వాళ్లు కాలితో తన్నిన ఆరు ఫీల్డ్ గోల్స్‌తో, ఒక్కోటి మూడు పాయింట్లు, ఓడాం. అలా ఓడడానికి కూడా సాధన కావాలి. డబ్బాలో పప్పుచెక్కలు అయిపోయాయి.

తమకే ఎందుకు రాస్తున్నానంటారా? నిన్న ఆ తాతయ్య బంతి పట్టుకుని నిలబడ్డ తీరు చూశాను. కాళ్లు కదలవు. చేతిలో ఒకప్పటి ఊపు లేదు. కానీ అవతలివాళ్లు నిలబడిన పద్ధతి చూసి, తనవాళ్లను వేలు చూపి అటు జరుపుతూ ఇటు జరుపుతూ, ఏం రాబోతోందో ముందే చదివేస్తున్నాడు. ఆ చదువు ఎక్కడిదో నాకు తెలుసు. 2004, 2005లో శాన్ డియేగోలో డ్రూ బ్రీస్ వెనక బెంచి మీద కూర్చుని, తమరిని చేతిలో పట్టుకుని నేర్చుకున్నది. డ్రాఫ్టులో, అంటే కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, నాలుగో నంబరు ఎంపిక అయ్యుండి రెండేళ్లు ఓపిక పట్టాడు. 2006లో దిగినవాడు 2020 సీజన్‌తో ఆట మానేదాకా వరసగా 240 ఆటలు మొదలుపెట్టాడు, ఒక్కటి తప్పలేదు. ఆ చివరి ఏడాది మాకే ఆడాడు.

ఇక్కడ రిచర్డ్‌సన్ కూడా నాలుగో నంబరు ఎంపికే. అతనికి తమ దర్శనం ఎందుకు కాలేదన్నదే నా ఫిర్యాదు.

2019 ఆగస్టులో మా క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ ఆట నుంచి సెలవు తీసుకున్నప్పటి నుంచి మా ఊరికి ఏడాదికో కొత్త అల్లుడు. బ్రిసెట్, రివర్స్, వెంట్జ్, మ్యాట్ ర్యాన్. అల్లుడి పీట మీద అందరూ చూసింది ఒక్క దసరానే. దాంతో 2023లో కుర్రాణ్ణి తెచ్చుకుని ఇంట్లో పెంచుకుందామనుకున్నాం. డ్రాఫ్టుకు ముందు జరిగే పెళ్లిచూపులు, అదే కంబైన్, జరిగేది మా ఊరి స్టేడియంలోనే. అబ్బాయి రిచర్డ్‌సన్ వచ్చాడు. ఆరడుగుల నాలుగు అంగుళాలు, 244 పౌండ్లు. నిలబడ్డచోటి నుంచి నలభైన్నర అంగుళాలు ఎగిరాడు. 40 గజాలు 4.43 సెకన్లలో పరుగెత్తాడు. మేమంతా పెళ్లికొడుకు పొడుగు చూసి మురిసిపోయే మేనత్తల్లా నోళ్లు తెరుచుకుని చూశాం. వేసిన పాస్‌లలో ఎన్ని అందాయి అని ఎవరో మర్యాద తెలియనివాడు అడిగాడు. ఫ్లోరిడాలో ఆఖరి ఏడాది 53.8 శాతం. అడిగినవాణ్ణి పక్కన కూర్చోబెట్టాం. కాలేజీలో మొదటినుంచి తానే దిగి ఆడినవి ఎన్ని అని ఇంకొకడు అడిగాడు. పదమూడు.

పదమూడు ఆటలు. మా కాలనీలో ఆడపిల్లలను ఏడెనిమిదేళ్లు నేర్పితేగాని కూచిపూడి రంగప్రవేశానికి గురువుగారు ఒప్పుకోరు. పైగా అక్కడ పక్కనుంచి 260 పౌండ్ల మనిషి వచ్చి మీదపడే ప్రమాదం కూడా లేదు.

అప్పుడైనా తమరిని అతని చేతిలో పెట్టి ఒక ఏడాది కూర్చోబెడితే సరిపోయేది. కూర్చోబెట్టడానికి వీలూ ఉంది. గార్డ్‌నర్ మిన్‌షూ ఆ ఏడాది మా దగ్గరే ఉన్నాడు. తరవాత 13 ఆటలు అతనే మొదలుపెట్టాడు, జట్టు 9–8తో, అంటే తొమ్మిది గెలిచి ఎనిమిది ఓడి, ప్లేఆఫ్స్ గడప దాకా వెళ్లింది. అంటే ఇల్లు కాపలా కాసే పెద్దమనిషి ఇంట్లోనే ఉన్నాడు. అయినా ఆగస్టులోనే కుర్రాడి పేరు ప్రకటించారు. సెప్టెంబరు 10న దింపారు. రెండో ఆటలో తలకు దెబ్బ. అక్టోబరు మొదటివారం దాటేసరికి భుజం పోయి, ఆపరేషన్. మొత్తం నాలుగు ఆటలు.

ఇంత తొందర ఎందుకో నాకు తెలియక కాదు. 2010లో శామ్ బ్రాడ్‌ఫర్డ్ అనే కొత్త క్వార్టర్‌బ్యాక్‌కు ఒక్క పాస్ వేయకముందే ఐదు కోట్ల డాలర్లకు హామీ ఇచ్చారు. ఆ ఖర్చు చూసి బెంబేలెత్తిన యజమానులు ఆటగాళ్లతో చేసుకున్న 2011 ఒప్పందంలో కొత్తవాళ్ల జీతాలకు కళ్లెం వేశారు. దాంతో కొత్త క్వార్టర్‌బ్యాక్ నాలుగేళ్ల చవక బేరం అయ్యాడు. చవకగా ఉన్నన్నాళ్లే మిగతా జట్టుకు డబ్బు మిగులుతుంది. అందులో ఒక ఏడాది తమ పాలు చేయడమంటే లెక్కల గదిలో కూర్చున్నవాళ్లకు పాపం చుట్టుకున్నట్టు ఉంటుంది. కాయ చవకని పచ్చిదే కోస్తారు.

అయితే లెక్కల గదిని మాత్రమే తిట్టడం నిజాయితీ కాదు. కుర్రాణ్ణి వెంటనే దింపమని కేకలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. "మానింగ్ మాత్రం 28 ఇంటర్‌సెప్షన్లు వేయలేదా?" అని వాదించాను. ఇంటర్‌సెప్షన్ అంటే అవతలివాళ్ల చేతిలో పడ్డ పాస్. మా ఊళ్లో ఇది సామెత. 1998లో మా పేటన్ మానింగ్ మొదటి ఏడాదే అన్ని ఆటలూ ఆడి, 28 వేసి, 3–13తో ముగించి, మర్నాటి ఏడాది 13–3 చేశాడు. కొత్త కుర్రాడు తప్పు చేసిన ప్రతిసారీ ఈ మంత్రం చదువుతాం. ఆ మంత్రంలో మేము మింగేసే అక్షరం ఒకటుంది. మానింగ్ టెనెసీలో నాలుగేళ్లు చదివి, 45 ఆటలు మొదలుపెట్టి మరీ వచ్చాడు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. తెలిసే కేకలు వేశాను.

ఆ కుర్రాడి మీద ఏం పడుతుందో ఒక్కసారి దగ్గరగా చూడండి. హెల్మెట్‌లో కోచ్ గొంతు వినిపిస్తుంది. ఆటగాళ్లు నిలబడే వరస, ముందే ఎవరు కదలాలి, రక్షణ ఎటువైపు, నలుగురైదుగురు ఎక్కడ తిరగాలి, ఇది కుదరకపోతే మార్చుకోవాల్సిన రెండో ఎత్తు, అన్నీ ఒకే గుక్కలో. అది విని, తప్పు లేకుండా పదిమందికి మళ్లీ అప్పజెప్పాలి. 40 సెకన్ల గడియారంలో 15 మిగిలేసరికి చెవిలో గొంతు ఆగిపోతుంది, అది రూలు. ఆ పదిహేను సెకన్లు వాడొక్కడే. అవతలివాళ్లలో పదేళ్ల అనుభవం ఉన్న దొంగ ఒకడు ముందుకు వచ్చినట్టు వచ్చి వెనక్కి జారుకుంటాడు. రిచర్డ్‌సన్ ఆడిన రోజుల్లో కాలేజీలో చెవిలో గొంతు కూడా లేదు, గీత అవతల నిలబడి సైగలు చేసేవాళ్లు. సైగల నుంచి నేరుగా ఇక్కడికి.

క్రికెట్‌లో అయితే తప్పు చేస్తే వెనక్కి వెళ్లే ఇల్లొకటి ఉంటుంది. మన లక్ష్మణ్ 1996లో దేశానికి ఆడి, కుదురుకోలేక, జట్టులోంచి పోయి, హైదరాబాద్‌కు తిరిగొచ్చి 1999–2000 రంజీలో 1415 పరుగులు కొట్టాడు. ఆ తరవాత కదా కోల్‌కతాలో 281. ఇక్కడ క్వార్టర్‌బ్యాక్‌కు రంజీ లేదు. ఐరోపాలో ఒక చిన్న లీగు ఉండేది, 2007లో దాన్నీ మూసేశారు. మిగిలింది బెంచి, బెంచి మీద తమరు. ఆ ఒక్కటీ పీకేశారు.

2005 డ్రాఫ్టు తమకు గుర్తుండే ఉంటుంది. మొదటి నంబరు అలెక్స్ స్మిత్‌ను అదే ఏడాది దింపారు. ఒక్క టచ్‌డౌన్, 11 ఇంటర్‌సెప్షన్లు. 24వ నంబరు ఆరన్ రాడ్జర్స్ మూడేళ్లు తమ సేవ చేసుకున్నాడు. ఆ తరవాత ఎంత మేటి ఆటగాడయ్యాడో అందరికీ తెలుసు. చిత్రం ఏమిటంటే, అంత నలిగిన స్మిత్ వెనకే 2017లో కాన్సస్ సిటీలో మహోమ్స్ అనే కొత్త క్వార్టర్‌బ్యాక్‌ను కూర్చోబెట్టారు. ఏడాది చివర డెన్వర్‌లో ఒక్క ఆట ఆడనిచ్చారు. మర్నాటి ఏడాది 50 టచ్‌డౌన్లు. ఇవన్నీ చూసిన తరవాత కూడా...

2024 అక్టోబరు 27. హ్యూస్టన్. 22 ఏళ్ల రిచర్డ్‌సన్ ఒక పరుగు తరవాత హెల్మెట్ తట్టి, ఒక్క ప్లే కోసం పక్కకు వచ్చాడు. ఆట అయ్యాక, అలసిపోయానని నిజం చెప్పాడు. అంతే. దేశం దేశమంతా సోఫాల్లో పడుకుని వాడికి పౌరుషం గురించి పాఠం చెప్పింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మేమంతా! మర్నాటి వారమే బెంచి మీదున్న 39 ఏళ్ల క్వార్టర్‌బ్యాక్ ఫ్లాకోను లేపి వాడి స్థానంలో పెట్టారు. అప్పుడు ఎక్కడున్నావు నువ్వు? ఎప్పుడు కూర్చోవాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో, పెద్దవాళ్లు అలసటను ఎలా దాచుకుంటారో వాడికి ఎవరు నేర్పాలి? నువ్వు కాదా? నేర్చుకోవడానికి పంపాల్సిన ఏడాది యుద్ధానికి పంపారు, యుద్ధంలో దెబ్బలు తిన్నాక శిక్షగా నీ దగ్గరికి పంపారు. బడి అయ్యుండాల్సిన బెంచిని జైలు చేశారు. నువ్వు నోరు మెదపలేదు. చెక్కముక్కవి, మెదపలేవు. కనీసం ఎవరి తలమీదైనా పడలేకపోయావా?

మన్నించాలి. తమరు అన్నవాణ్ణి నువ్వు అనేశాను.

తమరు కూడా అంత పుణ్యమూర్తులేమీ కాదు. ట్రే లాన్స్ అనే క్వార్టర్‌బ్యాక్ కోసం శాన్ ఫ్రాన్సిస్కో మూడు మొదటి రౌండు ఎంపికలు కట్నంగా పోసింది. అతను 2021లో దాదాపు ఏడాదంతా తమరినే పట్టుకున్నాడు. మర్నాటి ఏడాది రెండో ఆటలోనే చీలమండ విరిగింది. అతని చోటులోకి చివరికి వచ్చింది 262వ నంబరు బ్రాక్ పర్డీ. డ్రాఫ్టులో ఆఖరి పేరు, కాకపోతే కాలేజీలో నాలుగేళ్లు ఆడి వచ్చిన పేరు. కాబట్టి తమరి దగ్గర మంత్రాలేమీ లేవని తెలుసు. బెంచి మీద ఉన్నవాడికి సాధనలో అసలు జట్టుతో ఆడే వంతులు రావని, 2014 నుంచి తమ పనిలో సగం టాబ్లెట్ కంప్యూటర్లు లాగేసుకున్నాయని కూడా తెలుసు. అయినా ఒక ఏడాది. ఒక్క ఏడాది దెబ్బలు తగలని చోట కూర్చుని, తనకన్నా బాగా తెలిసినవాడు తప్పులు చేయడం చూసే అవకాశం. మూడేళ్లుగా ఇదొక్కటే నా మెదడును తొలుస్తోంది. మా ఆవిడ ఇక ఈ మాట ఎత్తితే అన్నం పెట్టనంది.

వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ డ్రాఫ్టు. మళ్లీ ఎవడో ఎగురుతాడు, మేము నోళ్లు తెరుస్తాం. నేను ఈసారి కేకలు వేయనని తమకు మాటిచ్చే ధైర్యం లేదు.

ఇట్లు
తమ విధేయుడు,
టీవీ ముందు నుంచి

తా.క.: 2023 సెప్టెంబరులో ఆ జెర్సీ పూర్తి ధర పెట్టి కొన్నాను. మావాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. "ఎదిగే పిల్లాడండీ, రెండు సైజులు పెద్దది తీసుకోండి" అంది మా ఆవిడ. తీసుకున్నాను. చేతులు మడిచి, అడుగున కుట్టు వేసినా మోకాళ్ల దాకా వచ్చింది. రెండుసార్లు వేసుకుని, నవ్వుతున్నారని అల్మారాలో పెట్టేశాడు. నిన్న ఆట అయిపోయాక నా ముఖం చూసి జాలిపడ్డాడో ఏమో, లోపలికి వెళ్లి కుట్టు విప్పించుకుని వేసుకొచ్చాడు. భుజం సరిగ్గా భుజం మీద కూర్చుంది. చేతులు మడవాల్సిన పని లేదు. అచ్చం కొలిచి కుట్టినట్టు ఉంది. వచ్చే ఏడాదికి పొట్టి అవుతుంది.