మౌనంగా ఉన్న బ్లాగును జాబితా నుంచి తీసేయాలా?

పదిహేనేళ్లుగా దాచుకుంటూ వస్తున్న నా అభిమాన తెలుగు బ్లాగుల జాబితాను గత వారం సీతమ్మధారలోని మా ఇంట్లో మూడు రాత్రులు కూర్చుని ఒక్కొక్కటిగా తెరిచి చూశాను. అరవైకి పైగా చిరునామాలలో ఈ ఏడాది కొత్త టపా (పోస్టు) వచ్చినవి నాలుగే. ఏడాదికి మించి కదలిక లేని బ్లాగును తీసేయడం చాలామంది పాటించే పద్ధతి, నేనూ అదే ఉద్దేశంతో మొదలుపెట్టాను. రెండో రాత్రి ఒక విశాఖ బ్లాగు దగ్గర చెయ్యి ఆగింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకిన తర్వాత, ఎం.వి.పి. కాలనీలో తన వీధిలో కూలిన చెట్లలో ఏది ఎవరింటి ముందు ఉండేదో, దాన్ని ఎవరు నాటారో, కరెంటు లేని ఆ రోజుల్లో ఏ ఇంటి బావి నీళ్లు ఎవరెవరికి అక్కరకు వచ్చాయో ఆ బ్లాగరి వరుసగా రాశారు. గాలి వేగం, నష్టం లెక్కలు పత్రికలలో దొరుకుతాయి. ఆ వీధి జ్ఞాపకం మాత్రం నాకు తెలిసినంతలో అక్కడే ఉంది. వ్యాఖ్యలలో ఇరుగుపొరుగువారు చేసిన సవరణలు కూడా ఉన్నాయి. 2016 తర్వాత ఆ బ్లాగులో ఒక్క టపా లేదు. అంతమాత్రాన అందులోని రాత విలువ తగ్గుతుందా?

ఈ మౌనానికి కారణం బ్లాగరుల బద్ధకం అనుకోవడం అన్యాయం. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు సరిగా కనిపించాలంటే సీడీ పెట్టి ప్రత్యేకంగా అమర్చుకోవలసిన కాలంలో వారు రాయడం మొదలుపెట్టారు. వీవెన్ రూపొందించిన తెలుగు టైపింగు సాధనం లేఖినిలో టైపు చేసేవారు, ఆయనే నడిపిన, తెలుగు బ్లాగుల కొత్త టపాలను ఒకేచోట చూపే కూడలి సంకలినిలో తమ టపా కనిపిస్తే పాఠకులు వచ్చేవారు. 2005లో మొదలైన గూగుల్ రీడర్‌ను ఆ సంస్థ 2013 జులై 1న మూసివేయడంతో కొత్త టపాలను ఒకేచోట చదివే అలవాటు చాలామందికి తప్పిపోయింది. అప్పటికే ఫేస్‌బుక్‌లో రాసిన నిమిషానికే స్పందన దొరుకుతోంది. పాఠకులు అటు వెళ్లాక బ్లాగరులూ వెళ్లారు. అయితే అక్కడ రాసినదాన్ని రెండేళ్ల తర్వాత వెతికి పట్టుకోవడం రాసినవారికే కష్టం, బ్లాగులోనైతే ఏడాది, నెల వారీగా పాత టపాలన్నీ పక్కనే అమరి ఉంటాయి.

కాబట్టి చివరి టపా తేదీని బట్టి కోత పెట్టడం తప్పని నా అభిప్రాయం. మనం ఎంచుకున్న బ్లాగుల కొత్త టపాలను తెచ్చి చూపే ఫీడ్ రీడర్‌లో మౌనంగా ఉన్న బ్లాగు వల్ల బరువేమీ ఉండదు, ఐదేళ్ల తర్వాత ఆ బ్లాగరి మళ్లీ రాస్తే ఆ టపా దానంతటదే మన ముందుకు వస్తుంది. పైగా పాత బ్లాగుకు ఎవరూ లంకె (లింకు) ఇవ్వకపోతే వెతుకులాటలో అది కనిపించే అవకాశం ఇంకా తగ్గిపోతుంది. జాబితా పెట్టుకున్నవారు తీసేసే ప్రతి పేరుతో ఆ బ్లాగుకు ఉన్న దారులలో ఒకటి మూసుకుపోతుంది.

తీసేయవలసినవి లేకపోలేదు. సొంత డొమైన్ కొనుక్కున్న కొందరు దాని గడువు పొడిగించకపోవడంతో ఆ పేరు వేరేవారి చేతికి పోయింది, ఇప్పుడు అక్కడ జూదం ప్రకటనలు కనిపిస్తున్నాయి. అలాంటి లంకెను వెంటనే తొలగించాలి, దాని స్థానంలో, వెబ్ పేజీల పాత ప్రతులను దాచే వేబ్యాక్ మెషీన్‌లో పాత ప్రతి దొరికితే ఆ చిరునామా ఇవ్వాలి. నాకు ఐదింటిలో మూడింటికి దొరికాయి.

తెరుచుకుంటున్న బ్లాగులకూ భరోసా లేదు. గూగుల్ వారి బ్లాగర్ సేవలో ఉన్న బ్లాగు గూగుల్ ఖాతాకు ముడిపడి ఉంటుంది; రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చని ఆ సంస్థ 2023 మే నెలలో ప్రకటించింది. బ్లాగరులు ఏడాదికి ఒకసారైనా లాగిన్ అయి, సెట్టింగులలో ఉన్న బ్యాకప్ ఫైలును దించుకుని తమ కంప్యూటర్‌లో పెట్టుకోవాలి. పాఠకులమైన మనం చేయగలిగింది, నచ్చిన టపాల చిరునామాలను వేబ్యాక్ మెషీన్‌కు ఇచ్చి భద్రపరచడం. హుద్‌హుద్ టపాలు పదకొండింటినీ మూడో రాత్రి అలా భద్రపరిచాను. ఆ బ్లాగరికి ఉత్తరం రాసి, నా జాబితాలో ఆ పేరు పక్కన ‘2009–2016’ అని చేర్చాను.