మూడో స్టంప్ ఒక్క రోజులో రాలేదు: 1775 సీజన్ గురించి కాస్త ఓపిగ్గా

ఆ క్విజ్ కార్డు మళ్ళీ తిరుగుతోంది. "క్రికెట్‌లో మూడో స్టంప్ ఎప్పుడు వచ్చింది? జవాబు: 1775." పక్కన గుబురు గడ్డంతో ఇంగ్లండ్ ఆటగాడు డబ్ల్యూ.జి. గ్రేస్ ఫొటో. ఆయన పుట్టిందే 1848లో. సరే, ఫొటో సంగతి వదిలేద్దాం. ఆ ఒక్క ముక్క జవాబుతో ఒక సీజన్ మొత్తాన్ని మూటగట్టి అటకెక్కిస్తున్నారు, నా బాధ అది. దానికి తోడు ఇంకో మాట: "అప్పుడు ఆడింది అసలు క్రికెట్టేనా? ఒకడు బంతి దొర్లిస్తే ఇంకొకడు కర్రతో నెట్టేవాడు." ఈ రెండు మాటలూ తప్పే. ఎందుకు తప్పో వివరంగా చెప్తాను, కాస్త పొడుగైనా చదవండి.

ముందు మూడో స్టంప్ ఆలోచనకి మూలమైన మే నెల ఆట. 1775 మే 22, సోమవారం, లండన్ ఫిన్స్‌బరీలోని ఆర్టిలరీ గ్రౌండ్. ఒకవైపు హాంప్‌షైర్ కౌంటీలోని హాంబుల్డన్ ఊరి క్లబ్ నుంచి ఐదుగురు, ఇంకోవైపు కెంట్ కౌంటీ నుంచి ఐదుగురు. పదకొండు మంది ఆట కాదిది, సింగిల్ వికెట్. క్రీజులో ఒక్కడే ఉంటాడు, అవతలి ఎండ్‌లో జోడీ ఉండడు. పరుగు రావాలంటే బౌలర్ వైపున్న గుర్తు దాకా పోయి, దాన్ని తాకి, మళ్ళీ తన క్రీజులోకి రావాలి. అంటే మన లెక్కలో రెండు పరుగులు పరిగెత్తితే వాళ్ళ లెక్కలో ఒకటి. కెంట్ తరఫున బంతి వేసింది ఎడ్వర్డ్ స్టీవెన్స్, అందరికీ 'లంపీ'. ఆయన అసలు సర్రే మనిషి, ఆ ఒక్క ఆటకి కెంట్‌కి అరువిచ్చారు. హాంబుల్డన్ చివరి మనిషిగా జాన్ స్మాల్ దిగేసరికి ఇంకా 14 పరుగులు కావాలి. స్మాల్ ఆ 14 తీశాడు, ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు. అయితే ఆలోపు లంపీ బంతి మూడుసార్లు ఆయన బ్యాట్‌ని తప్పించుకుని, రెండు స్టంపుల మధ్యలోంచి దూరి, వెనక్కి పోయింది. స్టంపుల పైనున్న అడ్డపుల్ల, అంటే బెయిల్, కదల్లేదు. బెయిల్ పడకపోతే నాటౌటే.

ఇది స్మాల్ అదృష్టం అని ఒక్క మాటలో తేల్చేస్తారు చాలామంది. కొలతలు వేసి చూస్తే అదృష్టం కంటే వికెట్ తయారీలోనే లోపం కనిపిస్తుంది. అప్పటి వికెట్ అంటే 22 అంగుళాల ఎత్తు స్టంపులు రెండు, వాటి మీద 6 అంగుళాల బెయిల్ ఒకటి. స్టంప్ మందం అంగుళం అనుకుందాం. రెండు కర్రలకీ కలిపి రెండంగుళాలు పోతే మధ్యలో ఖాళీ 4 అంగుళాలు. బంతి బరువుకి అప్పటికే నియమం ఉంది గానీ సైజుకి లేదు. ఇప్పటిలాగే చుట్టుకొలత 9 అంగుళాలు అనుకుంటే అడ్డం 2.9 అంగుళాల లోపే. అంటే రెండు పక్కలా అరంగుళం పైన సందు మిగులుతుంది. ఇప్పుడు ఇంకో లెక్క. బంతి అంచు అయినా వికెట్‌కి తగలాలంటే బంతి నడిబొడ్డు దాదాపు 8.9 అంగుళాల పట్టీలో రావాలి. ఆ పట్టీలో సరిగ్గా నట్టనడుమ 1.1 అంగుళాల మేర వస్తే ఏ కర్రకీ తగలదు. వికెట్ మీదికి సమానంగా చెదిరి వచ్చే ప్రతి ఎనిమిది బంతుల్లో ఒకటి అలా దూరిపోతుంది. స్టంప్ అరంగుళమే ఉంటే ఖాళీ 5 అంగుళాలకి పెరుగుతుంది, అప్పుడు నాలుగింట ఒకటి. బౌలర్‌కి గురి కుదిరే కొద్దీ బంతులు ఆ నడుమ పట్టీలోకే ఎక్కువ చేరతాయి, కాబట్టి గురి ఉన్నవాడికే నష్టం ఎక్కువ. రెండంగుళాలు పక్కకి పోయిన బంతికి వికెట్ దక్కుతుంది, వెంట్రుకవాసి తేడా లేకుండా మధ్యలో వేసిన దానికి దక్కదు.

మన గల్లీల్లో రెండు ఇటుకలో రెండు కర్రలో నిలబెట్టి ఆడే పిల్లలు దీన్ని ఏనాడో తేల్చేసుకున్నారు. మధ్యలోంచి పోతే అవుటే, ఆట మొదలుపెట్టే ముందే ఒప్పందం. ఆర్టిలరీ గ్రౌండ్‌లో అలాంటి ఒప్పందం లేదు, రాసిన నియమాలున్నాయి. వాటి వెనక పందెం డబ్బుంది.

ఆ నియమాలకి అప్పటికి సరిగ్గా ఏడాదిన్నర కూడా నిండలేదు. 1774 ఫిబ్రవరి 25న లండన్ పాల్ మాల్‌లోని స్టార్ అండ్ గార్టర్ సత్రంలో సర్ విలియం డ్రేపర్ అధ్యక్షతన పెద్దమనుషులు కూర్చుని 1744 నాటి పాత నియమాలని తిరగరాశారు. బంతి బరువు ఐదున్నర నుంచి ఐదుంముప్పావు ఔన్సుల మధ్య ఉండాలన్నారు. బ్యాట్ వెడల్పు నాలుగుంపావు అంగుళాలు మించకూడదన్నారు. ఈ రెండు అంకెలూ ఇవాళ పురుషుల అంతర్జాతీయ మ్యాచ్‌లో వాడే బంతికీ బ్యాట్‌కీ కూడా వర్తిస్తున్నాయి. "అసలు క్రికెట్టేనా" అని అడిగేవాళ్ళు ముందు దీనికి జవాబు చెప్పాలి. బ్యాట్ వెడల్పు వెనక ఒక గొడవ ఉంది. 1771 సెప్టెంబరులో లేలమ్ బర్వేలో చెర్ట్‌సీకీ హాంబుల్డన్‌కీ ఆట. చెర్ట్‌సీ తరఫున ఆడిన థామస్ వైట్ మొత్తం వికెట్ కప్పేసేంత వెడల్పు బ్యాట్ పట్టుకొచ్చాడు. ఆ ఆటలో హాంబుల్డన్ ఒక్క పరుగుతో గెలిచింది, గెలిచి కూడా ఊరుకోలేదు. రెండు రోజుల్లో బ్యాట్ నాలుగుంపావు అంగుళాలకి మించరాదని కాగితం రాసి రిచర్డ్ నైరెన్, థామస్ బ్రెట్, జాన్ స్మాల్ సంతకాలు పెట్టారు. అవును, ఇదే జాన్ స్మాల్.

1774 నియమాల్లోనే ఎల్బీడబ్ల్యూ మొదటిసారి వచ్చింది. దాన్ని రాసిన తీరు చూడండి: బ్యాటర్ బంతిని ఆపాలనే ఉద్దేశంతోనే కాలు అడ్డుపెట్టి, ఆ కాలు నిజంగానే బంతిని వికెట్‌కి తగలకుండా ఆపితే అవుట్. ఉద్దేశం ఏమిటో అంపైర్ ఎలా తేలుస్తాడు? బ్యాటర్ మనసులోకి తొంగిచూడాలి. అందుకే ఆ 'ఉద్దేశం' అన్న మాటని తర్వాతి కాలంలో తీసేశారు. రెండు స్టంపుల లోపం ఇలాంటిదే. కాగితం మీద బాగానే ఉంటుంది, మంచి బౌలర్ ఒకడు వచ్చి నిలబడ్డాకే చిల్లు బయటపడుతుంది.

లంపీ అలాంటి బౌలర్. చెయ్యి భుజం పైకి లేవని కాలం, అందరూ అండర్‌ఆర్మే. కానీ దొర్లించడం అప్పటికే పాతబడింది. బంతిని గాల్లో వదిలి, లెంగ్త్ (బ్యాటర్‌కి ఎంత దూరంలో పడాలో) చూసి నేల మీద పడేయడం మొదలైంది. ఓవర్‌కి నాలుగు బంతులు. కొత్త నియమాల్లో ఇంకో వింత ఉంది: ఆడటానికి వచ్చిన జట్టుకే ముందు బ్యాటింగా బౌలింగా అని ఎంచుకునే హక్కు, వికెట్లు ఎక్కడ పాతాలో నిర్ణయించే హక్కూ. ఆతిథ్య జట్టు ఒక కేంద్రం చూపిస్తుంది, దాని నుంచి 30 గజాల లోపు ఎక్కడైనా పాతుకోవచ్చు. లంపీకి ఇది పండగే. నేల కాస్త ఉబ్బెత్తుగా ఉండి, అవతల పల్లంగా జారే చోటు వెతుక్కునేవాడు. బంతి ఆ వాలు మీద పడితే పైకి లేవదు, నేల పట్టుకుని జారిపోతుంది. అడ్డంగా ఆడే బ్యాట్ కిందనుంచి దూరి స్టంప్ మొదట్లో తగులుతుంది. ఇప్పుడు పిచ్ తయారుచేసే క్యూరేటర్ మీద కోపాలు తెచ్చుకునేవాళ్ళకి ఈ సంగతి తెలియాలి: పిచ్ ఎంపిక కూడా నైపుణ్యంలో భాగమైన రోజులవి.

ఈ బౌలింగ్‌కి విరుగుడు స్మాల్ దగ్గరుంది. పీటర్స్‌ఫీల్డ్‌లో ఆయన మొదట చెప్పులు కుట్టేవాడు, తర్వాత బ్యాట్లూ బంతులూ తయారు చేసేవాడు. దొర్లే బంతికి హాకీ కర్రలా కింద వంపు తిరిగిన బ్యాట్ సరిపోతుంది, ఊడ్చినట్టు కొట్టొచ్చు. లెంగ్త్ మీద పడి లేచే బంతికి అదే బ్యాట్ పెడితే వంపు కిందే ఉంటుంది, బంతి దాని మీదుగా పోతుంది. పైనుంచి కింద దాకా ఒకే వెడల్పున్న తిన్నని బ్యాట్ కావాలి, దాన్ని నిలువుగా పట్టి వికెట్‌ని కాపాడుకోవాలి. స్మాల్ ఆ పద్ధతి పట్టుకున్న తొలితరం మనిషి. లంపీ బంతి మూడుసార్లు ఆయన్ని దాటిందంటే మిగతావాళ్ళ పరిస్థితి ఊహించుకోవచ్చు.

ఇక జులై. క్విజ్ కార్డులు ఎత్తని ముచ్చట ఇదే, ఆ సీజన్‌కి అసలు గుండెకాయ అనాల్సింది కూడా ఇదే. జులై 13న హాంబుల్డన్ ఊరి పైనున్న బ్రాడ్‌హాఫ్‌పెనీ డౌన్‌లో హాంప్‌షైర్, సర్రే ఆట మొదలైంది. హాంప్‌షైర్ 168, సర్రే 151. రెండో ఇన్నింగ్స్‌లో హాంప్‌షైర్ 357 కొట్టింది. సర్రే 78కే కూలి 296 పరుగులతో ఓడింది. ఆ 357లో జాన్ స్మాల్‌వి 136. పెద్ద జట్ల మధ్య ఆటల్లో ఖచ్చితంగా రికార్డున్న మొట్టమొదటి సెంచరీ అది. ఒక జాగ్రత్త: "క్రికెట్‌లో మొదటి సెంచరీ" అని రాయకండి. 1769లోనే డ్యూక్ ఆఫ్ డోర్సెట్ జట్టు తరఫున జాన్ మిన్‌షల్ రోథమ్ జట్టు మీద 107 చేసినట్టు రికార్డుంది, కాకపోతే అది చిన్న స్థాయి ఆట.

ఆ 136ని ఎలా చూడాలి? బౌండరీ తాడు లేదు, ఫోరూ సిక్సరూ లేవు, ప్రతి పరుగూ కాళ్ళతో తెచ్చుకున్నదే. ప్యాడ్లు లేవు, గ్లవ్స్ లేవు. గడ్డి కోసే యంత్రం ఇంకా పుట్టలేదు, మైదానంలో గడ్డి మేసి కురచ చేసేది గొర్రెలే. నియమం ప్రకారం అక్కడ వికెట్లు ఎక్కడ పాతాలో ఎంచుకునేది వచ్చినవాళ్ళు, అంటే సర్రే. జట్టంతా కలిసి వంద దాటితే బాగా ఆడారని మెచ్చుకునే కాలంలో ఒక్క మనిషి 136 కొట్టాడు. దీన్ని ఇప్పటి స్కోర్లతో పోల్చి "ఈరోజుల్లో అయితే ముప్ఫై" అనేవాళ్ళది అన్యాయమే. అంతకంటే పెద్ద అన్యాయం ఫస్ట్‌క్లాస్ (పెద్ద స్థాయి ఆటల) లెక్కల్లో జరిగింది. కొందరు గణాంకకారులు 1772 నుంచి లెక్కిస్తారు, కొందరు 1815 నుంచి, ఇంకొందరు 1864 నుంచి. ఏ జాబితా తెరిచామన్న దాన్ని బట్టి స్మాల్ సెంచరీ ఉంటుంది, లేదా మాయమవుతుంది. నా మటుకు నాకు 1772 పక్షమే సరైనది. స్కోర్‌కార్డులు క్రమంగా దొరకడం అక్కడి నుంచే, పెద్ద జట్లు ఏవో ఆ కాలం వాళ్ళకే స్పష్టంగా తెలుసు.

మళ్ళీ స్టంప్ దగ్గరికి వద్దాం. మే 22న ఆట అయిపోగానే ఎవరో మూడో కర్ర పాతారని అనుకుంటే పొరపాటు. "మూడుసార్లు" అన్న వివరం మనదాకా తెచ్చింది జాన్ నైరెన్. 1775 మేలో ఆయన పదేళ్ళ పిల్లాడు, ఆ మాటలు అచ్చులోకి వచ్చింది 1833లో. ఆయన్ని తప్పుపట్టడం లేదు. ఆయన తండ్రి రిచర్డ్ హాంబుల్డన్ కెప్టెన్, ఇంట్లో రోజూ నడిచిన మాటలే ఇవి. కానీ ఎవరు, ఎంతకాలానికి చెప్పారో తెలిసి చదవాలి. మూడో స్టంప్ వాడకం మెల్లగా పాకింది, అన్ని ఊళ్ళూ ఒకేసారి మారలేదు. అడ్డుచెప్పినవాళ్ళ వాదన తేలిగ్గా తీసిపారేయాల్సింది కూడా కాదు: మధ్యలో కర్ర పడితే బ్యాటర్లు టపటపా అవుటవుతారు, ఆట తొందరగా ముగిసిపోతుంది. నైరెన్ దీనికి ఎదురు వాదించాడు. వెనక సందు లేదని తెలిస్తే బ్యాటర్ ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడతాడు, అడ్డదిడ్డంగా ఊపేవాడు కూడా పని నేర్చుకుంటాడు అన్నాడు. అనుభవం ఆయన పక్షానే నిలిచింది. 1777 జూన్‌లో సెవెనోక్స్‌లోని వైన్ మైదానంలో ఇంగ్లండ్ జట్టు మీద హాంబుల్డన్ 403 కొట్టింది. అందులో జేమ్స్ ఐల్వర్డ్ 167. బుధవారం సాయంత్రం ఐదింటికి దిగినవాడు శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటాక గానీ అవుటవలేదు.

వికెట్ ఆ తర్వాత కూడా పెరుగుతూనే వచ్చింది. 1798లో 24 అంగుళాల ఎత్తు, 7 అంగుళాల వెడల్పు. ఇప్పుడు 28, 9.

లంపీ యజమాని ఎర్ల్ ఆఫ్ టాంకర్‌విల్. ఆయన దగ్గర లంపీ తోటమాలి. 1774లో నియమాలు రాసిన పెద్దమనుషుల్లో ఆ ఎర్ల్ కూడా ఒకరు. రెండు స్టంపుల వికెట్‌ని అలాగే ఉంచిన బల్ల దగ్గర యజమాని కూర్చున్నాడు, ఏడాది తిరిగేసరికి దాని నష్టం మైదానంలో తోటమాలికి తగిలింది.

ఆ కాలంలో పరుగుల లెక్కకి స్కోరర్లు కర్ర మీద కత్తితో గాట్లు పెట్టేవాళ్ళు, ప్రతి పదో గాటు కాస్త లోతుగా. కాగితం మీద రాసినప్పుడు కూడా బౌలర్ పేరు పడేది బౌల్డ్ అయినప్పుడే. క్యాచ్ అయితే పట్టినవాడి పేరొక్కటే, బంతి వేసినవాడి పేరుండేది కాదు, ఇది ఇంకా చాలా దశాబ్దాలు అలాగే నడిచింది. కాబట్టి ఆ రోజు లంపీ వేసిన వాటిలో అన్నింటికంటే తిన్నని మూడు బంతులూ గాటుగా పడలేదు, వికెట్‌గానూ పడలేదు.