మా పన్ను మమ్మల్నే కట్టుకోనివ్వండి

"ఇక అన్ని సేవలూ మీ ఇంటి నుంచే" అంటూ మున్సిపాలిటీ కొత్త వెబ్‌సైట్ గురించి ప్రకటన వచ్చిన ప్రతిసారీ నేను చూసేది ఒక్కటే. చూపులేని నేను ఆ సైట్ తెరిచి, ఎవరినీ పిలవకుండా, మా ఇంటి పన్ను కట్టి రసీదు తీసుకోగలనా? చాలాసార్లు లేదనే తేలుతోంది. దీని గురించి ఎప్పటినుంచో రాయాలనుకుంటున్నాను. పోస్ట్ పెద్దదే, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా మీలో సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ళు, మున్సిపల్ ఆఫీసుల్లో ఉన్నవాళ్ళు, వార్డు కౌన్సిలర్లు ఎవరైనా ఉంటే తప్పకుండా చదవాలి.

నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్ని. పుట్టుకతోనే చూపు లేదు. ఫోన్‌లో టాక్‌బ్యాక్, లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ వాడతాను. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు ఇవి, వీటినే స్క్రీన్ రీడర్లు అంటారు. ఎన్‌వీడీఏని 2006లో ఆస్ట్రేలియాలో ఇద్దరు అంధులు మొదలుపెట్టారు, ఇప్పటికీ ఉచితంగానే దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది. వీటితోనే క్వశ్చన్ పేపర్లు టైప్ చేస్తాను, రైలు టికెట్ బుక్ చేసుకుంటాను, పిల్లల ఫీజులు కడతాను, పండక్కి చీరలు కొంటాను. ఇవన్నీ చేయగలిగే మనిషి సొంత ఊరి మున్సిపాలిటీ సైట్ దగ్గర మాత్రం ఆగిపోతోందంటే లోపం ఆ సైట్‌ని కట్టిన తీరులోనే ఉంది.

ఎక్కడ ఆగిపోతామో చెప్తాను. పేజీ తెరవగానే పైన అధికారుల ఫోటోలు వస్తాయి. చూసేవాళ్ళకు అవి ఫోటోలు, మాకు "గ్రాఫిక్, గ్రాఫిక్, గ్రాఫిక్". ఫోటోకి వివరణ రాయకపోతే కొన్నిసార్లు ఫైల్ పేరంతా అంకెలతో సహా చదువుతుంది. తర్వాత మెనూ. మౌస్ పైన పెడితేనే విచ్చుకునే మెనూ అయితే కీబోర్డుతో దాన్ని తెరవలేం. అదీ దాటి ఫారంలోకి వెళ్తే "ఎడిట్, బ్లాంక్. ఎడిట్, బ్లాంక్" అని వినిపిస్తుంది. ఏ గడిలో పేరు రాయాలి, ఏ గడిలో ఇంటి నంబరు రాయాలి అన్నది ఆ గడికి కోడ్‌లో లేబుల్ జతచేస్తేనే నాకు తెలుస్తుంది. ఆ లేబుల్ ఒక్క లైను పని. అది లేనందువల్ల నేను ఊహించి నింపుతాను. ఏదో తప్పుపడుతుంది. తప్పు పడిన గడి చుట్టూ ఎర్ర గీత వస్తుందట, మాట రూపంలో ఏమీ రాదు. నేను మాత్రం సబ్మిట్ నొక్కుతూనే ఉంటాను.

ఇన్ని దాటాక క్యాప్చా. వంకర అక్షరాల బొమ్మ చూసి టైప్ చేయమంటారు. మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి కళ్ళు కావాలి అన్నమాట. ఆడియో క్యాప్చా పెట్టొచ్చు. మొబైల్‌కి ఓటీపీ ఎలాగూ పంపుతున్నారు కాబట్టి క్యాప్చా తీసేయనూ వచ్చు. దొంగ లాగిన్లను ఆపడానికి సర్వర్ వైపు చేసే పద్ధతులూ ఉన్నాయి. అయినా బొమ్మ క్యాప్చా ఒక్కటే పెట్టి వదిలేస్తే, మిగతా సైట్ ఎంత బాగా కట్టినా అది ర్యాంపు కట్టి చివర తాళం వేసినట్టే.

మొన్నామధ్య ఒక ఆఫీసుకు వెళ్ళి, సైట్‌లో దరఖాస్తు నింపలేకపోతున్నానని చెప్పాను. అక్కడున్నాయన మర్యాదగానే మాట్లాడాడు. "మేడమ్, మీకెందుకీ శ్రమ, మీవారిని పంపండి" అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడని నాకు తెలుసు. కానీ ఉద్యోగం నాది, ఇల్లు నా పేరు మీద ఉంది, దరఖాస్తు నాది. మావారు ఊళ్ళో లేకపోతే? అసలు పెళ్ళే కాని అమ్మాయి అయితే? ఇంట్లో గొడవలుండి, ఇంట్లోవాళ్ళకు తెలియకుండా సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సిన మనిషి అయితే?

ఇంకో దారి నెట్ సెంటర్. "అక్కా, ఓటీపీ వచ్చింది చెప్పండి" అంటాడు అక్కడి అబ్బాయి. చెప్తాం. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఆదాయం, వైకల్యం శాతం అన్నీ చెప్తాం, పక్కన క్యూలో ఉన్నవాళ్ళు వింటుండగా. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు, పోలీసులు రోజూ మెసేజ్‌లు పెడతారు. మాకు మాత్రం ఓటీపీ చెప్పకపోతే పని కాదు. ఆ అబ్బాయి నిజాయితీపరుడే అనుకుందాం. నా భద్రత ఎవరో ఒకరి నిజాయితీ మీద ఎందుకు ఆధారపడాలి? పైగా ప్రతి పనికీ డబ్బులు ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016 రూపాయలు వికలాంగుల పింఛను మీద నెల గడిపేవాళ్ళకు ఆటో ఖర్చు, ఫారం నింపే ఖర్చు, తోడు వచ్చినవాళ్ళ ఒక పూట కూలి చిన్న సంగతి కాదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేవి పీడీఎఫ్‌లు. జీవోలు, నోటిఫికేషన్లు, లబ్ధిదారుల జాబితాలు సంతకం పెట్టి, ముద్ర వేసి, స్కాన్ చేసి సైట్‌లో పెడతారు. అది కాగితం ఫోటో. అందులో అక్షరం అన్నదే ఉండదు కాబట్టి నా లాప్‌టాప్ "ఖాళీ డాక్యుమెంట్" అంటుంది. స్కాన్ చేయకుండా నేరుగా పెట్టినా, తెలుగులో ఇంకో చిక్కు ఉంది. చాలా డీటీపీ సెంటర్లలో, ఆఫీసుల్లో ఇప్పటికీ అను ఫాంట్లలోనే టైప్ చేస్తారు. అవి యూనికోడ్, అంటే ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ కంప్యూటర్లో ఒక ఖాయమైన సంకేతం ఇచ్చే ప్రమాణం, రాకముందు పద్ధతి. తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు అడ్డదిడ్డంగా ఉంటాయి. మీరు ఆ పీడీఎఫ్ నుంచి ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడండి, నా చెవికి ఏం వినిపిస్తుందో అర్థమవుతుంది. తెలుగు యూనికోడ్‌లోకి వచ్చింది 1991లో! సరైన తెలుగు కీబోర్డు ప్రతి ఫోన్‌లో ఉచితంగా ఉంది. యూనికోడ్‌లో టైప్ చేసి, సంతకం కోసం స్కాన్ చేసిన కాపీ పక్కనే అసలు ఫైల్ కూడా పెడితే చాలు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ కావాలి. అదే ఫైల్ చూపున్నవాళ్ళకూ పనికొస్తుంది. ఐదు వందల పేర్ల జాబితాలో తమ పేరు వెతుక్కునే ప్రతివారికీ.

2024 సెప్టెంబర్‌లో విజయవాడను బుడమేరు, ఖమ్మాన్ని మున్నేరు ముంచెత్తాయి. అలాంటి రోజున పునరావాస కేంద్రాలు ఎక్కడున్నాయో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో ఒక రంగుల బొమ్మ మీద రాసి పోస్ట్ చేస్తే, చూపులేని మనిషికి ఆ సమాచారం అందదు. కింద నాలుగు లైన్లు టైప్ చేస్తే అందుతుంది. నీళ్ళు గుమ్మందాకా వచ్చినప్పుడు ఆ నాలుగు లైన్ల విలువ ఏమిటో వేరే చెప్పాలా?

ఇప్పటిదాకా అంధుల గురించే చెప్పాను, అది నా అనుభవం కాబట్టి. వినిపించనివాళ్ళ సంగతి చూడండి. ప్రతి పేజీ చివరా "వివరాలకు ఈ నంబరుకు కాల్ చేయండి" అని ఉంటుంది. కాల్ చేసి వాళ్ళేం చేస్తారు? మెసేజ్ పంపే దారి, మెయిల్‌కి జవాబిచ్చే మనిషి ఉండాలి. అవగాహన వీడియోకి కింద అక్షరాలు, వీలైతే సైన్ లాంగ్వేజ్ ఉండాలి. చేతులు వణికేవాళ్ళకు ఫోన్‌లో చిన్న చిన్న బటన్లు నొక్కడం నరకం, వాళ్ళు సగం నింపేసరికి సెషన్ టైమవుట్ అయిపోతుంది. చదువు తక్కువైనవాళ్ళకు, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ళకు ఆ ఫారాల్లోని రెవెన్యూ భాష అర్థం కాదు. నిజానికి ఆ భాష నాకూ ఒక పట్టాన అర్థం కాదు, నేను చెప్పేదే సోషల్!

మరి చట్టం లేదా అంటే, ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో సెక్షన్ 42 ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందేలా ఉండాలంటుంది. సెక్షన్ 46 ప్రకారం, నిబంధనలు వచ్చిన రెండేళ్ళలో సేవలన్నీ ఆ ప్రమాణాలకు తగినట్టు మారాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, అంటే గడువు 2019 జూన్‌కే ముగిసింది. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే మార్గదర్శకాలు అంతకంటే పాతవి. మొదటి కూర్పు 2009లో, మూడోది 2023లో వచ్చాయి. ఈ మూడోది, వెబ్‌సైట్లు వికలాంగులకు అందేలా ఉండడానికి ప్రపంచమంతా పాటించే డబ్ల్యూసీఏజీ 2.1 డబుల్ ఏ ప్రమాణాన్ని పెట్టుకుంది.

కోర్టులు కూడా చెప్పాయి. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలను కేవలం సిఫార్సుల్లా రాసిన నిబంధన చెల్లదని, తప్పనిసరిగా పాటించాల్సిన నిబంధనలు మూడు నెలల్లో తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన నివేదికను తయారుచేసింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని వికలాంగుల అధ్యయన కేంద్రం. ఆ సంగతి తలచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు. యాసిడ్ దాడిలో కళ్ళు దెబ్బతిన్న మహిళ కెమెరా ముందు రెప్ప వేయలేకపోతే కేవైసీ పూర్తికాని పరిస్థితి మీద వేసిన కేసు అది. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. హైదరాబాద్ నివేదిక సుప్రీంకోర్టు దాకా వెళ్ళి తీర్పయింది, తిరిగి మన మున్సిపాలిటీల దాకా మాత్రం రాలేదు.

"మేం యాక్సెసిబిలిటీ పెట్టాం కదండీ" అని కొందరు చూపించేది ఏమిటంటే, పేజీ పైన అక్షరం పెద్దది చిన్నది చేసే బటన్లు, రంగు మార్చే బటను. అక్షరం పెద్దది చేసుకోవడం ప్రతి బ్రౌజర్‌లోనూ ముందే ఉంది. ఇంకొకటి "స్క్రీన్ రీడర్ యాక్సెస్" అనే పేజీ. చాలా ప్రభుత్వ సైట్లలో అదే పట్టిక, ఒకచోటి నుంచి ఇంకోచోటికి అలాగే దింపుకున్నది. అందులో విండో ఐస్ అనే సాఫ్ట్‌వేర్ పేరు ఇప్పటికీ ఉంటుంది. దాని అమ్మకం 2017లోనే ఆగిపోయింది. స్క్రీన్ రీడర్ వాడే మనిషి దగ్గర స్క్రీన్ రీడర్ ముందే ఉంటుంది. మాకు కావలసింది దానితో పనిచేసే ఫారం. ఒక లైను కోడ్ అతికిస్తే సైట్ మొత్తం అందరికీ అందుబాటులోకి వస్తుందని అమ్మే కంపెనీల మాటలు కూడా నమ్మొద్దు. అలా చెప్పుకున్న యాక్సెసిబీ అనే కంపెనీకి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో పది లక్షల డాలర్లు కట్టమంది.

మరి ఏం చేయాలి? నా దగ్గర ఒక్క ప్రతిపాదన ఉంది, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. సైట్ కట్టిన కాంట్రాక్టర్‌కు చివరి బిల్లు ఇచ్చే ముందు, ఆ సైట్‌ని ఒక అంధ వ్యక్తితో, ఒక బధిర వ్యక్తితో, చేతులు సరిగా పనిచేయని ఒక వ్యక్తితో అధికారుల ఎదురుగా వాడించండి. పన్ను కట్టడం, జనన ధ్రువపత్రం తీసుకోవడం, ఫిర్యాదు పెట్టడం, ఈ మూడూ సొంతంగా చేయగలిగితే బిల్లు పాస్ చేయండి. లేకపోతే ఆపండి. ఈ షరతు టెండర్‌లోనే రాయండి. పరీక్షించినవాళ్ళకు ఫీజు ఇవ్వండి, అది సేవ పేరుతో ఉచితంగా చేయించుకునే పని కాదు. రోడ్డు వేస్తే క్వాలిటీ కంట్రోల్ వాళ్ళు మందం కొలవకుండా బిల్లు పాస్ కాదు కదా, వెబ్‌సైట్‌కి మాత్రం ఆ పరీక్ష ఎందుకు ఉండకూడదు?

ఇది ఊరూరా విడివిడిగా చేయాల్సిన పని కూడా కాదు. చాలా మున్సిపాలిటీల సేవలు నడిచేది రాష్ట్ర స్థాయిలో ఒకచోట తయారైన సాఫ్ట్‌వేర్ మీదే. జిల్లా సైట్లకు కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ అయిన ఎన్‌ఐసీ వాళ్ళ ఎస్3వాస్ అనే ఉమ్మడి వేదిక ఉంది, దాని పేరులోనే 'సుగమ్య' (అందరికీ సులభంగా అందేది) అన్న మాట పెట్టుకున్నారు. అంటే ఒకచోట ఆ లేబుల్ సరిచేస్తే ఎన్నో ఊళ్ళలో మాలాంటివాళ్ళకు దారి తెరుచుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో 161 సేవలతో మొదలైన 'మన మిత్ర' వాట్సాప్ సేవ నాకు నచ్చడానికి కారణం కూడా ఇదే. వాట్సాప్ మాకు అలవాటైన యాప్, టాక్‌బ్యాక్‌తో బాగా పనిచేస్తుంది. అక్కడ కూడా మధ్యలో బొమ్మ రూపంలో జవాబిచ్చినా, లేబుళ్ళు లేని వెబ్ పేజీకి పంపినా మళ్ళీ మొదటికే వస్తాం, కాబట్టి దాన్నీ ఇలాగే పరీక్షించాలి.

"ఇంత ఖర్చు పెట్టడానికి మీరు ఎంతమంది ఉంటారండీ?" అని ఒక ఇంజినీరు గారు నన్ను అడిగారు. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగులు 22 లక్షలకు పైగా. అప్పటి లెక్కలో చేర్చిన వైకల్యాల కంటే 2016 చట్టం గుర్తించినవి ఎక్కువ, మొత్తం 21. శుక్లాలు ముదిరిన నాన్నగారిని, చేతులు వణికే అమ్మమ్మను ఇందులో ఎవరూ లెక్కపెట్టలేదు. వాళ్ళు కూడా పన్ను కడుతున్నారు. అయినా మేం ఊరికి ఒక్కరమే ఉన్నా ఇదే అడుగుతాను, ఎందుకంటే నేను కట్టే పన్నులో మున్సిపాలిటీ వాళ్ళు నాకు రాయితీ ఏమీ ఇవ్వడం లేదు.

మాలో ఎవరికైనా ఇబ్బంది ఎదురైతే ఊరుకోకండి. ముందు ఆ ఆఫీసుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అక్కడ తేలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్ ఉన్నారు. వికలాంగుల హక్కుల చట్టాన్ని ఉల్లంఘిస్తే సెక్షన్ 89 కింద మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్ళీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా. స్కాన్ చేసిన జాబితా చదవలేకపోతే సమాచార హక్కు చట్టం సెక్షన్ 7(4) గుర్తుపెట్టుకోండి. చూపు, వినికిడి లాంటి ఇంద్రియ లోపం ఉన్నవాళ్ళకు ఆ సమాచారం అందేలా సాయపడడం సమాచార అధికారి బాధ్యత. ఈ సెక్షన్ చాలామంది అధికారులకే తెలియదు, దరఖాస్తులో పేరు పెట్టి రాయండి.

చూపున్న మిత్రులారా, మీరు కూడా ఒక పని చేసిపెట్టండి. మీ మున్సిపాలిటీ సైట్‌గానీ పంచాయతీ సేవల సైట్‌గానీ తెరిచి, మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్, ఎంటర్ కీలతోనే పన్ను కట్టే పేజీ దాకా వెళ్ళడానికి ప్రయత్నించండి. ఎక్కడ ఆగిపోయారో మీ ఊరి పేరుతో సహా కింద రాయండి. స్క్రీన్‌షాట్ పెడితే అందులో ఏముందో రెండు వాక్యాలు టైప్ చేయండి, లేకపోతే నేను చదవలేను. ఊరివారీగా అన్నీ కలిపి రెండు రాష్ట్రాల వికలాంగుల కమిషనర్లకూ ఫిర్యాదు రాస్తాను. ఆ ప్రతిని యూనికోడ్‌లోనే ఇక్కడ పెడతాను, మీ పేరు చేర్చమంటే చేరుస్తాను.